మూడు కిలోమీటర్ల కింది పగులు

సంకటి కెలుకుతూ ఎడంచేత్తో ల్యాప్‌టాప్‌లో గీత గీస్తున్నాను. పిండి ఉండ కట్టింది. "లెసెడి తల్లీ, ఆ రంగుబొమ్మలు తర్వాత గీసుకోవచ్చులే, ముందు గరిటె తిప్పు," అంది అత్తయ్య, కుర్చీలోంచి కదలకుండానే. నా పేరు కెయితుమెట్సె. కూతురు లెసెడి పుట్టినప్పటి నుంచి తొమ్మిదేళ్లుగా ఈ ఇంట్లో ఆ పేరు ఎవరి నోటా రాలేదు. బిడ్డ పేరుతో తల్లిని పిలవడం మా త్స్వానా తెగలో మర్యాదే. మర్యాద చాటున కూడా మనిషి మాయమైపోతుందని నాకు మెల్లగా తెలిసొచ్చింది.

అత్తయ్య చెప్పే రంగుబొమ్మలు నా ఉద్యోగం. మా బంగారు గనుల ఊరు కార్లెటన్‌విల్ చుట్టూ ఉన్న గడ్డినేలను ఎప్పుడో బరువైన లారీలతో కుదిపి, లోతు రాళ్లకు తగిలి తిరిగొచ్చిన ప్రతిధ్వనులను వేల పరికరాలతో విని దాచారు. ఆ పాత ప్రతిధ్వనుల్లోంచి రొద తీసేసి, భూమి లోపలి బొమ్మ కట్టడం నా పని. పొడవు, వెడల్పు, లోతు మూడూ ఉన్న బొమ్మ అది. రొట్టెను కోసినట్టు ఎటునుంచైనా ముక్కలుగా కోసి చూడొచ్చు. పదకొండు నెలలు చూశాను, పగలు ఆఫీసులో, మిగిలింది పొయ్యి పక్కన. మూడు కిలోమీటర్ల కింద బంగారం ఉన్న రాతిపొర పలకలా సాగి సాగి ఒకచోట పుటుక్కున తెగింది. ఒక పక్క ముప్ఫై మీటర్లు కిందికి జారింది. ఒక్క ముక్కలో కనిపిస్తే నేనూ నమ్మేదాన్ని కాదు. వరసగా ఇరవై రెండు ముక్కల్లో, అదే వాలుతో ఉంది. గనివాళ్లు తవ్వుతున్న కొత్త సొరంగం సూటిగా దానివైపే పోతోంది. అలాంటి పగుల్లోకి తవ్వితే రాయి కూలొచ్చు, నీళ్లు ఎగదన్నొచ్చు.

గని పెద్దల ముందు ఆ బొమ్మను మా అధికారి వోస్లూ చూపించాడు. దానిమీద నా పేరు లేదు. "అమ్మాయ్, కాస్త టీ సంగతి చూస్తావా?" అన్నాడు. పగులు ఎంత జారిందని ఎవరో అడిగితే తడబడి నావైపు తిరిగాడు. కెటిల్ పట్టుకునే జవాబు చెప్పాను. "మా అమ్మాయి చురుకైంది," అని మురిశాడు. నాకు ముప్ఫై ఎనిమిదేళ్లు.

సొరంగం ఆపి పరీక్షించాలంటే మూడు నెలల ఆలస్యం. గనివాళ్లు ముఖం చిట్లించారు. రెండు వారాలకు వోస్లూ నన్ను పిలిచాడు. "ఆ పగులు తీసెయ్. అది ఒట్టి రొద. పొరను నున్నగా చెయ్."

"ఇరవై రెండు ముక్కల్లో ఉంది సార్."

"చూడాలనుకుంటే దెయ్యాలూ కనిపిస్తాయమ్మా."

అతనే రాయించిన కొత్త నివేదిక నా ముందుకు తోశాడు. అందులో పగులు లేదు. అడుగున 'విశ్లేషణ: కె. మొఖోసి' అని ఉంది. "ఈసారి నీ పేరే పెట్టించాను, చూశావా! సోమవారానికల్లా సంతకం చేసి ఇవ్వు." నా ఒళ్లు మండింది. కొనియాడేటప్పుడు లేని పేరు, రేపు రాయి కూలితే నిందించడానికి కావలసి వచ్చింది.

ఇంట్లో చొక్కాలు ఇస్త్రీ చేస్తూ నా భర్త ఒబాకెంగ్‌కు చెప్పాను. అతను టీవీ మీంచి కళ్లు తిప్పలేదు. "ఒక్క గీత కోసం ఉద్యోగం పోగొట్టుకుంటావా? ఆయనకి ముప్ఫై ఏళ్ల అనుభవం. ఆయనకంటే నీకెక్కువ తెలుసా?"

"ఆ సొరంగంలో దిగేది కగీసో వాళ్ల జట్టే," అన్నాను. కగీసో అతని తమ్ముడు.

దిగ్గున లేచాడు. "ముందే చెప్పవేం? ఆపించు వెంటనే!" కుర్చీలోంచి ఎప్పుడూ లేవని అత్తయ్య పరుగున వచ్చింది. "నా బిడ్డ పోయేచోటా? ఎక్కడుందే అది, చూపించు!" అంటూ నా ల్యాప్‌టాప్ ముందు వంగింది.

నాకు ఊరట కలగాలి. కోపమే వచ్చింది. పదకొండు నెలలు రంగుబొమ్మగా ఉన్నది ఒక్క మగవాడి పేరు చెప్పగానే రాయైపోయింది. కగీసోతో పాటు దిగే ముప్ఫైమందికీ తల్లులు లేరా? వాడు ఇంకో జట్టులో ఉండి ఉంటే ఇది ఇప్పటికీ వీళ్లకు ఒక్క గీతే కదా? ఇస్త్రీపెట్టె తీసి పక్కన పెట్టాను. "మిగతావి నువ్వు చేసుకో," అన్నాను.

సోమవారం వోస్లూ గదికి వెళ్లలేదు. ఇరవై రెండు ముక్కలూ అచ్చు తీసి, పైన నా పూర్తి పేరు రాసి, గని భద్రతాధికారి బల్లమీద పెట్టాను. ఒక ప్రతి కార్మిక సంఘానికిచ్చాను. గంటలోపే వోస్లూ ఫోన్: "నన్ను కాదని పోతావా? నీ సంగతి తర్వాత చూస్తాను."

సంఘం పట్టుబట్టడంతో సొరంగం చివర సన్నటి రంధ్రం తొలిచి చూశారు. పందొమ్మిది మీటర్ల దగ్గర నుజ్జయిన రాయి తగిలింది. లోపల బిగిసి ఉన్న నీళ్లు డ్రిల్లు కడ్డీని వెనక్కి విసిరికొట్టాయి. ముందే జాగ్రత్తపడి జట్టంతా దూరంగా నిలబడింది కనుక అందరూ బతికారు. సొరంగం దారి మళ్లింది. అత్తయ్య గొర్రెను కోయించి, కొడుకును కాపాడినందుకు పితరులకు మొక్కుకుంది. చుట్టాలందరికీ వడ్డించమని నాకు చెప్పింది. నేను కంచం పెట్టుకుని కగీసో పక్కన కూర్చుని తిన్నాను.

మర్నాడు వోస్లూ నవ్వుతూ నా బల్ల దగ్గరికొచ్చాడు. "మనం కనిపెట్టిన ఆ పగులు మీద మంచి వ్యాసం రాయొచ్చమ్మా. మొదట నా పేరు, తర్వాత నీది."

"మనం కాదు సార్, నేను కనిపెట్టాను. మీరు చెరిపేయమన్నారు," అన్నాను. "వ్యాసంలో రెండూ రాస్తున్నాను."