ఆయన ముట్టని తోటకూర

"నీ చేతికి ఆకుకూర అచ్చిరావట్లేదమ్మాయ్," అన్నారు మా అత్తగారు అన్నపూర్ణమ్మగారు. ఆవిడ పక్క వీధిలో మా మరిది ఇంట్లో ఉంటారు. వచ్చినప్పుడల్లా నా పెరడు చూసి ఏదో ఒకటి అనకుండా వెళ్లరు. నేను తోటకూర ఆకొకటి వెలుతురుకి పట్టి చూశాను. ఈనెలు పచ్చగానే ఉన్నాయి, మధ్యంతా పసుపు. అంచులు మాడినట్టున్నాయి.

పెళ్లికి ముందు భీమవరంలో బోటనీతో డిగ్రీ చేశాను. ఇనుము తక్కువైందేమో అనుకుని పేడ వేశాను, బోదె కాలువ నీళ్లు ఇంకా ఎక్కువ పెట్టాను. అదే పొరపాటేమో. కుళాయి నీళ్లు పడే మూల మడి నిగనిగలాడుతోంది. బోదె నీళ్లు పారే మడులే పాడయ్యాయి. ఆ బోదె మా పెరట్లోకి వచ్చేముందు మావారి షెడ్డు వెనకనుంచి వస్తుంది. మావారు గున్నేశ్వరరావుగారు అక్కడ ఆటోల పాత బ్యాటరీలు కొని, పగలగొట్టి, సీసం కరిగించి అమ్ముతారు.

ఒక మొక్క పీకాను. వేళ్లు పొట్టిగా, నల్లగా ఉన్నాయి. సీసం లోపలికి వెళ్తే ఏమవుతుందో ఒకప్పుడు పరీక్ష కోసం బట్టీపట్టాను. మొక్కకి ఊపిరి పోసే ఆక్సిజనే అదుపుతప్పి కణాల పొరల్ని కాల్చేస్తుంది. మొక్క ఊరికే ఉండదు. ఆ మంటని చల్లార్చుకునే ఎంజైములు తయారుచేసుకుంటూనే ఉంటుంది. పెరగడానికి దాచుకున్న బలమంతా బతకడానికే అయిపోతుంది. చూసేవాళ్లకి మాత్రం కాస్త పసుపు రంగు, అంతే.

"షెడ్డు నీళ్లేమైనా బోదెలో కలుస్తున్నాయాండీ?" అని సాయంత్రం మావారిని అడిగాను.

ఆయన ఫోన్లోంచి తల ఎత్తలేదు. "ఊరంతా రొయ్యల చెరువుల నీళ్లు వదులుతుంటే నీకు నా షెడ్డే కనపడిందా? కట్ట తోటకూర పండించలేవు, మళ్లీ డిగ్రీ ఒకటి."

నిజమే కావచ్చు. చెరువుల ఉప్పు నీళ్లకీ ఆకు మాడుతుంది. కానీ ఆ రాత్రి గిన్నెలు తోముతుంటే ఆయన కంచం గుర్తొచ్చింది. ఆయన తిన్నాక అదే కంచంలో తినడం నేను కాపురానికి వచ్చిన కొత్తలో అత్తగారు నేర్పిన అలవాటు. షెడ్డు పెట్టిన దగ్గర్నుంచీ ఆ కంచంలో తోటకూర వేసింది వేసినట్టే మిగులుతోంది. ఒకరోజు వేడి చేసిందంటారు, ఒకరోజు ఇసుక తగిలిందంటారు. పారెయ్యడం ఎందుకని అందులోనే అన్నం కలుపుకుని తినేదాన్ని. మధ్యమధ్యలో ఆయనే బజారునుంచి క్యాబేజీ తెచ్చేవారు. నాకు తుంచే పని తప్పిందని లోపల మురిసిపోయాను కూడా.

మర్నాడు మా అమ్మాయి దుర్గాశ్రీ ఏడో నెలతో పురిటికి వచ్చింది. "డాక్టరుగారు రోజూ ఆకుకూర తినమన్నారమ్మా, నీ తోటకూర పప్పే కావాలి," అంది బ్యాగు దింపుతూనే.

వండాను. ఎప్పుడూ ఆయన తర్వాత తినేవాళ్లం, ఆ రోజు పిల్లని ఆయన పక్కనే కూర్చోబెట్టాను. ఇద్దరికీ పప్పు వడ్డించి, గరిటె పట్టుకుని అక్కడే నిలబడ్డాను. ఆయన అన్నంలో పెరుగు కలుపుకోవడం మొదలుపెట్టారు.

"ఏంటి నాన్నా, పప్పు వేసుకోవా?" అంటూ అది ముద్ద కలిపింది. నోటిదాకా తీసుకెళ్లింది.

ఆయన చటుక్కున దాని మణికట్టు పట్టుకున్నారు. "వద్దమ్మా. పెరట్లోది నువ్వు తినకు."

దుర్గ మా ఇద్దరి మొహాలూ చూసింది. చేతిలో ముద్ద అలాగే ఉంది.

"తినమ్మా," అన్నాను. "అది కుళాయి మడిలోది. మంచిదే."

ఆయన చెయ్యి వదిలేశారు. తండ్రికి పిల్ల మీద ఆ మాత్రం ప్రేమ మిగిలినందుకు సంతోషించాను, అబద్ధమెందుకు. పీకిన మొక్క వేళ్లతో సహా కవర్లో కట్టి ఉంది. రేపు దాన్ని నేను చదివిన కాలేజీ ల్యాబులో, నా రక్తాన్ని ఆస్పత్రిలో పరీక్షకి ఇవ్వాలి. ఆయన పప్పు మిగిల్చి పక్కకి నెట్టిన కంచం తీసి అంట్ల తొట్టిలో పడేశాను. కొత్త కంచం తెచ్చుకుని, పిల్ల పక్కన కూర్చుని అన్నం పెట్టుకున్నాను.

"ఇన్నాళ్లూ నేను తింటుంటే," అన్నాను ఆయనతో, "ఈ చెయ్యి ఎక్కడుందండీ?"