ఆ ఊరావిడ ఇల్లు

"కాస్త మెల్లిగా తోము. అక్షరాలు అరిగిపోతాయి" అన్నారు మా ఆయన, పేపర్లోంచి తలెత్తకుండానే.

ప్రతి ఆదివారం పొద్దున్నే వీధి గుమ్మం దగ్గర స్టూలెక్కి, నిమ్మచెక్కతో ఇత్తడి పలక తోమడం నా పని. దానిమీద ఇంటిపేరు ఒక్కటే ఉంటుంది, మనుషుల పేర్లుండవు. మా మామగారు చేయించారు. మనుషులు వస్తారు పోతారు, ఇంటిపేరు నిలుస్తుంది అనేవారట. ఆయన పోయారు, పలక నిలిచింది, తోమడం నా వంతుకు వచ్చింది. అదేమీ ఆషామాషీ ఇంటిపేరు కాదు మరి. లోకమంతా జల్లెడ పట్టినా ఆ పేరున్నవాళ్ళు రెండు రైలుపెట్టెలు నిండేంత మంది ఉండరు. ఎవరైనా కొత్తవాళ్ళు వస్తే మా ఆయన చెప్పే మొదటి మాట అదే: "చాలా అరుదండీ మాది." అంత అరుదైన పేరు మీద దుమ్ము కూడా అరుదుగా పడితే బాగుండేది. అది మాత్రం అందరి ఇళ్ళల్లో పడినట్టే పడుతుంది.

నేను కొరియర్ ఆఫీసులో చేస్తాను. చేరని పార్సిళ్ళ సెక్షన్ నాది. తప్పు అడ్రసులు, సగం అడ్రసులు, ఇల్లు మారిపోయిన మనుషులు, అన్నీ నా బల్లమీదికే వస్తాయి. ఫోన్లు చేసి, ఆరా తీసి, ఎవరి వస్తువు వాళ్ళకి చేర్చడంలో నాకెంత సంతోషమో చెప్తే ఇంట్లో నవ్వుతారని చెప్పను. ఆ మధ్య మా మేనేజరు పిలిచి, దూరపు నగరంలో తెరుస్తున్న కొత్త ఆఫీసుకి నన్ను సెక్షన్ హెడ్‌గా పంపాలనుకుంటున్నామని, నెలాఖరులోగా ఏ సంగతీ చెప్పమని అన్నాడు. ఆ రోజు ఇంటికి గాల్లో తేలుతూ వచ్చాను. అన్నం వడ్డిస్తూ చెప్పాను. ఆయన కంచంలోంచి తలెత్తారు. నేను చెప్పే మాటకి ఆయన తల ఎత్తడం ఎన్నాళ్ళకో.

"ఈ ఇంటిపేరు పెట్టుకున్న ఆడది ఎక్కడో అద్దె గదిలో ఒంటరిగా ఉంటుందా? ఈ పేరుకో మర్యాద ఉంది. అదేం నువ్వు పుట్టింటి నుంచి తెచ్చుకున్న సొమ్ము కాదు, నీ ఇష్టమొచ్చినట్టు వాడుకోడానికి."

ఆయన చెడ్డ మనిషి కాదు. నాకు జ్వరమొస్తే పక్కనే కూర్చుని, "మరి వంట ఎలా?" అని దిగులుగా అడిగే రకం. కానీ ఆ మాట నాకు సూదిలా దిగింది. పెళ్ళయిన మర్నాటి నుంచి నేను సంతకం పెడుతున్నది ఆ పేరుతోనే. ఇప్పుడు హాస్టల్లో ఉన్న నా కూతురి బడిలో, బ్యాంకులో, ఆసుపత్రిలో నన్ను పిలిచింది ఆ పేరుతోనే. ఇన్నేళ్ళు వాడాక కూడా అది అరువు చీరేనన్నమాట, మరక పడకుండా తిరిగి ఇచ్చెయ్యాలన్నమాట. అత్తయ్యగారి వైపు చూశాను. ఆవిడ మంచినీళ్ళ చెంబు అందుకుని లోపలికి వెళ్ళిపోయారు.

ఆ వారంలోనే మా పెద్దమామగారు, అంటే మా మామగారి అన్నగారు, చంకలో ఒక పెద్ద ప్రపంచపటం చుట్టుకుని వచ్చారు. ఇంజనీరుగా రిటైరైన దగ్గర్నుంచి ఆయనకి వంశాభిమానం పట్టుకుంది. మన ఇంటిపేరు ఎక్కడ పుట్టింది, ఇవాళ ఎక్కడెక్కడ ఉంది, పటం మీద గుర్తులు పెట్టి, ఆ పేరున్నవాళ్ళందర్నీ ఒక హాల్లోకి పిలిచి చూపించాలి. ఆలోచన ఆయనది. పని ఎవరిదో వేరే చెప్పాలా? "నీకు అడ్రసులు వెతకడం అలవాటేగా అమ్మాయ్, ఖాళీగా ఉన్నప్పుడు చూడు" అన్నారు. ఖాళీ అనే వస్తువు ఎలా ఉంటుందో నేనెప్పుడూ చూళ్ళేదు. ఒక చెవికీ భుజానికీ మధ్య ఫోను ఇరికించుకుని, రెండు చేతులతో కూరలు తరుగుతూ మొదలుపెట్టాను.

పుట్టుక విషయంలో ఒకటి అందరికీ తెలుసు. ఏటికి అవతలి ఒడ్డున ఒక చిన్న ఊరుంది, ఆ ఊరి పేరే మా ఇంటిపేరు. అక్కణ్ణుంచి మూలపురుషుడు ఎవరో ఏరు దాటి వచ్చాడు. ఆ వచ్చినవాడు ఎవరన్న దగ్గరే తిరకాసు. ఏటికి ఇవతల రేవు దగ్గరున్న ఇళ్ళవాళ్ళు, ఆయన కోటకి కాపలావాడన్నారు. మిల్లులున్న పట్నంలోకి వెళ్ళేసరికి దళపతి అయ్యాడు. ఓడరేవు నగరంలో సేనాపతి అయ్యాడు. సముద్రాలు దాటిన వాళ్ళకి ఫోన్ చేస్తే రాజుగారికి సాక్షాత్తు బావమరిది. ఊరు దూరమయ్యేకొద్దీ ఆయనకి ప్రమోషన్లు వచ్చాయి. నాకొచ్చిన ఒక్క ప్రమోషనుకి ఇంట్లో ఇంత గొడవ.

ఆ మగవాళ్ళు చరిత్ర గుక్క తిప్పుకోకుండా చెప్పేవారు. మీ తమ్ముడుగారు ఇప్పుడెక్కడుంటున్నారండీ అని అడిగితే మాత్రం, "ఉండమ్మా, మా ఆవిడకిస్తాను, ఆవిడకి తెలుస్తుంది" అనేవారు. ఆవిడకి తెలిసేది. ఎవరు ఏ వీధిలోకి మారారు, ఎవరి పిల్లాడు ఏ దేశంలో ఉన్నాడు, ఎవరికి ఎవరితో మాటల్లేవు, అన్నీ తెలిసేవి. నా పటం మీద గుర్తులన్నీ అలా పడినవే. అడ్రసు చెప్పాక ఫోను పెట్టెయ్యకుండా, "అన్నం తిన్నావా? గొంతేంటి అలా ఉంది?" అనేవాళ్ళు. ఒకావిడ, ముక్కూ మొహం తెలియని మనిషి, "అది సరే, నీ పుట్టింటి ఇంటిపేరేంటమ్మా?" అంది. పెళ్ళయ్యాక ఆ మాట నన్నెవరూ అడగలేదు. చెప్తూ చెప్తూ ముక్కు ఎగబీల్చాను. ఉల్లిపాయలు తరుగుతున్నానని అబద్ధమాడాను. ఆవిడ "తరుగు తరుగు, నేనూ అదే తరుగుతున్నా" అంది. ఆ ఆడవాళ్ళకి నేను జన్మంతా రుణపడి ఉంటాను.

పటం నిండుతున్నకొద్దీ ఒక వింత బయటపడింది. ఏటికి ఇవతలి ఒడ్డున గుర్తులు చీమల్లా మూగి ఉన్నాయి. అక్కణ్ణుంచి మిల్లుల పట్నానికి, ఓడరేవుకి, సముద్రాల అవతలికి చెదిరిపోయాయి. అవతలి ఒడ్డున ఆ ఊళ్ళో మాత్రం ఒక్క గుర్తూ లేదు. పెద్దమామగారు పొంగిపోయి, "చూశావా? మహావీరుడు! తనవాళ్ళలో ఒక్కర్నీ వదలకుండా వెంటబెట్టుకొచ్చాడు" అన్నారు. నాకు నమ్మకం కుదరలేదు. ఆ ఊళ్ళో మా కొరియర్ ఏజెంటుకి ఫోన్ చేశాను. అతను నవ్వాడు.

"ఆ ఇంటిపేరు వాళ్ళు ఇక్కడెందుకుంటారు మేడమ్? ఇక్కడందరం ఈ ఊరివాళ్ళమే కదా. ఎవర్నని ఊరి పేరు పెట్టి పిలుస్తాం? ఊరు వదిలి వెళ్ళినవాళ్ళకే ఆ పేరు."

అదీ నిజమే అనుకున్నాను. అప్పుడే నాకు మా ఇంట్లో మాటలు గుర్తొచ్చాయి. మా అత్తయ్యగారికి నా మీద కోపం వస్తే నేను పుట్టిన ఊరి పేరెత్తి "ఆ ఊరి పిల్ల ఇంతే" అనేవారు. ఆవిణ్ణి వాళ్ళ అత్తగారు బతికున్నన్నాళ్ళూ "ఆ కొండకిందూరి మనిషి" అన్నారట. ఇళ్ళల్లో ఊరు పేరు పెట్టి పిలిచేది ఎవర్ని? కోడళ్ళనేగా?

రేవు పక్కనున్న అన్నిటికంటే పాత ఇంట్లో ఒక ముసలావిడ ఉందని తెలిసి, ఆవిణ్ణి ఫోన్లో పట్టుకున్నాను. సేనాపతి గురించి అడిగాను.

"సేనాపతా? గాడిదగుడ్డు!" అంది. "అవతలి ఊరి నుంచి ఏ మగాడూ రాలేదు తల్లీ. వచ్చింది ఇక్కడి ఇంటికి కోడలు. మొగుడు విషజ్వరమొచ్చి పోయాడు. అత్తింటివాళ్ళు పొమ్మన్నారు, పుట్టింటివాళ్ళు రావద్దన్నారు. పిల్లల్ని చంకనేసుకుని రేవులో పాక వేసుకుంది. పడవలకి తాళ్ళు పేనేది. మంచి తాడు ఎక్కడ దొరుకుతుందంటే ఆ ఊరావిడ ఇంట్లో అనేవాళ్ళు. ఈ పిల్లలెవరంటే ఆ ఊరావిడ పిల్లలు అనేవాళ్ళు. ఆ పేరే నిలిచిపోయింది."

"మరి ఇది మగవాళ్ళకెవరికీ తెలీదేంటండీ?"

"అడిగితే కదా! వాళ్ళు మనకి చెప్తారు గానీ మనల్ని అడుగుతారా? నాకు మా అత్త చెప్పింది. ఆవిడకి వాళ్ళత్త. నా కోడలికి చెబుదామంటే దానికి తీరికేదీ? ఇది నాతోనే మట్టిలో కలిసిపోతుందనుకున్నా. నువ్వు అడిగావు. చల్లగా ఉండు తల్లీ."

ఫోను పెట్టేసి వంటింట్లోనే కూలబడ్డాను. అత్తయ్యగారు వచ్చి ఏమైందన్నారు. చెప్పాను. ఆవిడ ఆశ్చర్యపోలేదు, స్టవ్ తగ్గించి నా పక్కన కింద కూర్చున్నారు.

"నాకు తెలుసే. మా అత్తగారు చెప్పారు. నోరు ఊరుకోక మీ మామగారితో అన్నాను. తాళ్ళు పేనుకునే ముండమోపి పేరా నాది అని, నాతో మాటలు మానేశారు. అప్పుడే పలక చేయించారు. ఇక నేను నోరు కుట్టేసుకున్నాను."

ఇన్నాళ్ళూ ఆవిడ మౌనం నా మీద అయిష్టం అనుకున్నాను. అది కుట్టు అని ఆ పూట తెలిసింది.

సమావేశం రోజు హాలు నిండింది. ముందు వరసల్లో మగవాళ్ళు, వెనక వరసల్లో పిల్లల్ని ఒళ్ళో వేసుకుని ఆడవాళ్ళు. గోడకి పటం, దాని నెత్తిన పెద్ద అక్షరాలతో "వీరుడి అడుగుజాడలు". నేను టీ ట్రేతో వరసల మధ్య తిరుగుతున్నాను. పెద్దమామగారు మైకు ముందు నిలబడి, "ఈ పటానికి మా కోడలు పిల్ల కూడా కాస్త సాయం చేసింది" అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు, సాయానికి. ఆయన ఉత్సాహంగా, "అమ్మాయ్, మూలస్థానంలో ఇవాళ మనవాళ్ళు ఒక్కరూ ఎందుకు లేరో నువ్వు చెప్పు" అని పిలిచారు.

ట్రే ఎక్కడ పెట్టాలో తెలీక ఆయన కుర్చీలోనే పెట్టి, మైకు అందుకున్నాను. ముసలావిడ చెప్పింది చెప్పినట్టు చెప్పాను. పాక, తాళ్ళు, పిల్లలు, అన్నీ. చెప్పడం అయ్యాక ముందు వరసల్లో తలలు ఒకదానివైపొకటి తిరిగాయి. ఎవరో కిసుక్కుమన్నారు. మా ఆయన నేల చూపులు చూస్తున్నారు.

"దీనికి సాక్ష్యం ఏదమ్మా?" అన్నారు పెద్దమామగారు.

సేనాపతికి సాక్ష్యం ఏదని అడిగేదాన్నే. ఈలోగా వెనక వరసలోంచి కుర్చీ జరిగిన చప్పుడైంది. అత్తయ్యగారు లేచారు. నలుగురిలో ఆవిడ గొంతు నేనెప్పుడూ వినలేదు.

"నాకు మా అత్తగారు చెప్పారు బావగారూ. అంటే మీ అమ్మగారు."

అటువైపు ఇంకొకావిడ లేచింది. "మా అత్తగారూ ఇదే చెప్పారండీ." ఫోన్లో నా పుట్టింటి ఇంటిపేరు అడిగిన గొంతు అది. తర్వాత ఇంకొకరు, పసిబిడ్డని భుజాన వేసుకుని. ఇంకొకరు. సాక్ష్యం ఒక్కొక్కటే లేచి నిలబడింది. వాళ్ళలో ఒక్కరు కూడా ఆ పేరుతో పుట్టినవాళ్ళు కాదు. పెద్దమామగారు కూర్చుందామని వెనక్కి తిరిగారు. కుర్చీలో నా టీ ట్రే ఉంది. ఆయన పటం దగ్గరికి వెళ్ళి "వీరుడి అడుగుజాడలు" అన్న కాగితం ఊడదీసి మడిచి జేబులో పెట్టుకున్నారు. ఆ పెద్దాయన మీద నాకెప్పుడూ లేనంత గౌరవం కలిగింది. "మా అమ్మ నాకెందుకు చెప్పలేదు?" అని అత్తయ్యగారిని అడిగారు, చిన్నపిల్లాడిలా.

ఇంటికి వస్తూ దారిలో మా ఆయన "మర్యాద..." అని మొదలుపెట్టి ఆగిపోయారు.

"ఈ పేరు నేను పుట్టింటి నుంచి తెచ్చుకోలేదన్నారుగా" అన్నాను. "నిజమే. ఈ పేరు పుట్టింటి నుంచి తెచ్చుకున్నది ఆవిడొక్కతే. మీరూ, మీ నాన్నగారూ, మీ సేనాపతులూ, అందరూ ఆవిడ దగ్గర తెచ్చుకున్నవాళ్ళే. నేను రేపు ఆఫీసులో వెళ్తానని చెప్తున్నాను."

వెళ్ళనా అని అడగలేదు. ఆయన కూడా వద్దనలేదు. వెనకాల నడుస్తున్న అత్తయ్యగారు మాత్రం, "వాడి వంట సంగతి వాడు నేర్చుకుంటాడు. నేనున్నాగా, పక్కన కుర్చీ వేసుకుని చెప్తా. వండను" అన్నారు.

ఇప్పుడు నేను ఈ నగరంలో, రెండో అంతస్తులో, ఒక గదీ వంటిల్లూ ఉన్న ఇంట్లో ఉంటున్నాను. కిటికీలోంచి ఎదురింటి బట్టల తీగ కనిపిస్తుంది. గుమ్మానికి పలక లేదు. ఆదివారం పొద్దున్నే కప్పు కాఫీ పట్టుకుని ఊరికే కూర్చుంటాను. ఖాళీ అనే వస్తువు ఎలా ఉంటుందో చూశాను, బాగుంటుంది. ఇవాళ ఆయన ఫోన్ చేశారు.

"ఇత్తడి పలక నల్లబడింది. దేంతో తోముతావు?"

"నిమ్మచెక్కతో. మెల్లిగా తోమండి, అక్షరాలు అరిగిపోతాయి."

ఆయన నవ్వారు. నేనూ నవ్వాను. ఫోను పెట్టేశాక కింద గేటు దగ్గర మాటలు వినిపించాయి. అత్తయ్యగారు పంపిన పార్సిల్ పట్టుకుని మా ఆఫీసు కుర్రాడు కాబోలు, ఇంటి నంబరు సరిగ్గా లేదని వాచ్‌మన్‌ని అడుగుతున్నాడు. ఈ నగరంలో నా పేరు కూడా సరిగ్గా తెలియని ఆ వాచ్‌మన్, ఒక్క క్షణం కూడా తడుముకోకుండా నేనొదిలి వచ్చిన ఊరి పేరు చెప్పి, "ఆవిడ ఇల్లా? పైన రెండోది" అన్నాడు.