బండ వెనక నంబరు

ఉలి మీద సుత్తి పడుతోంది. కంబన్న ఎడమ అరికాలితో బండను అదిమిపట్టి అంచు కొడుతున్నాడు. పెచ్చులు పలచగా లేచి మోకాళ్ళ దగ్గర పోగుపడుతున్నాయి. తలకు చుట్టిన తువ్వాలు, కనుబొమలు, చెవుల మీది వెంట్రుకలు అన్నీ ఒకే రంగులో ఉన్నాయి. పొద్దున ఇంట్లోంచి నల్లగా బయల్దేరే మనిషి ఎండ ఎక్కేసరికి బూడిద రంగుకు తిరుగుతాడు. సాయంత్రం బోరు కింద తల పెడితే మళ్ళీ నల్లబడతాడు.

జేబులో ఫోను మోగింది. కంబన్న సుత్తి ఆపి, ప్లాస్టిక్ కవరులోంచే చూశాడు. అంకెలున్నాయి, పేరు లేదు. మోగినంతసేపు దాన్ని చూస్తూ కూర్చున్నాడు. ఆగిపోయాక జేబులో పెట్టుకుని మళ్ళీ ఉలి అందుకున్నాడు.

ఎర్రగుంట్ల దాటి ముద్దనూరు దోవలో ఉన్న బండల యార్డు అది. గని నుంచి వచ్చిన బండ అడ్డదిడ్డంగా ఉంటుంది. దాన్ని నాలుగు పక్కలా సరిచేసి, కొలిచి, వెనకవైపు ఉలితో అంకెలు గీస్తారు. అంకెలు పడని బండను ఎవరూ ముట్టుకోరు. అంకెలు పడ్డాయంటే అది సరుకు, ఎత్తుకుపోవచ్చు. యార్డులో కాగితాలు చూసే ఓపిక ఎవరికీ లేదు. బండ వెనక చూస్తే చాలు.

కంబన్న మూడో తరగతి దాకా చదివాడు. అక్షరాలు ఎప్పుడో జారిపోయాయి, అంకెలు మాత్రం నిలిచాయి. మీసాలు రాకముందే గనిలో చేరాడు. అక్కడే ఓబన్న కలిశాడు. గని మూతపడితే ఇద్దరూ ఈ యార్డుకు వచ్చి, ఒకే రేకుల కింద ఎదురెదురుగా కూర్చుని అంచులు కొట్టారు. మాట్లాడటం ఓబన్న పని, వినడం కంబన్న పని. కంబన్న పెండ్లి సంగతీ, కొడుకు సిమెంటు లారీ ఎక్కిన సంగతీ, భార్య పోయిన సంగతీ యార్డులో అందరికీ ఓబన్న నోటి మీదుగానే తెలిశాయి.

తర్వాత రాతిదుమ్ము ఓబన్న ఛాతీలోకి దిగింది. పది అడుగులు వేస్తే కూర్చోవాల్సి వచ్చేది. కూతురు సుందరలక్ష్మి వచ్చి తనతో ఒంటిమిట్టకు తీసుకుపోయింది. గుడి ముందర ఆమెకు టెంకాయల అంగడి ఉంది. పోయేరోజు ఓబన్న తను కూర్చునే బండను చూపించి, "దీని మీద ఇంగ నువ్వు కూచోరా, నా సోటు సల్లగా ఉంటాది," అన్నాడు. ఒక మూల విరిగిన బండ అది. ఎవరికీ పనికిరాదని అంకెలు వేయలేదు. ఏండ్ల తరబడి కూర్చుని కూర్చుని నడుమ నున్నగా గుంటపడింది. కంబన్న ఆ రోజు నుంచి దాని మీదే కూర్చున్నాడు. సాయంత్రం పోయేటప్పుడు కుక్కలు పడుకోకుండా గోడకు ఆనించి పోయేవాడు.

ఓబన్న ఫోనులో ఎక్కువసేపు మాట్లాడలేడు. అందుకని ఊపిరి ఆడినప్పుడల్లా వాట్సాప్‌లో రెండు ముక్కలు మాట్లాడి పంపేవాడు. అన్నం వేళకు కంబన్న ఫోను చెవికి ఆనించుకుని వినేవాడు. మాట వెనక గుడి గంట వినిపించేది, టెంకాయ కొట్టిన చప్పుడు వినిపించేది. కంబన్న మైకు బొమ్మ మీద వేలు పెట్టి, "తిన్యా," అని పంపేవాడు. కొన్ని రోజులు "ఊ" అని మాత్రమే.

ఎండాకాలంలో ఒకరోజు ఎవడో ఫోను చేశాడు. మర్యాదగా మాట్లాడాడు. తనకు రావాల్సిన ఆరంకెల నంబరు పొరపాటున నీ ఫోనుకు వచ్చింది, కాస్త చదివి చెప్పు పెద్దాయనా అన్నాడు. మనిషి అడిగినప్పుడు చెప్పకుండా ఎట్లా? కంబన్న ఒక్కో అంకె చదివి చెప్పాడు. అంతే, వాట్సాప్ మూసుకుపోయింది. కంబన్న పేరు మీద వాడు యార్డు వాళ్ళందరికీ ఆసుపత్రి ఖర్చంటూ రాసి సాయం అడిగాడు. నమ్మినవాళ్ళు నమ్మారు. ఓబన్న ఒక్కడు నమ్మలేదు. "ఎవుర్రా నువ్వు? మా కంబన్నకు రాసేది రాదు. కంబన్నవైతే గొంతు పంపు," అని ఆ దొంగకే మాట పంపించాడు. దొంగ పలకలేదు.

యార్డు ఆఫీసులో లెక్కలు చూసే స్వర్ణలత ఆ వాట్సాప్ మళ్ళీ కంబన్న చేతికి వచ్చేట్టు చేసింది. "ఇంగ రెండో తాళం ఏస్తాం తాతా. ఆరంకెలు నీ అంతట నువ్వే పెట్టుకో. పుట్టిన సంవత్సరం వద్దు, ఫోన్ నంబరు వద్దు. అర్థం లేనివి పెట్టు. నాకు గూడా చెప్పొద్దు," అని మొహం అటు తిప్పుకుంది. పేరు లేని నంబర్లు ఎత్తొద్దని కూడా చెప్పింది.

అర్థం లేని అంకెలు కంబన్నకు తెలియవు. అతనికి తెలిసిన అంకెలన్నీ అడుగులు, అంగుళాలు. ఫోను పట్టుకుని రేకుల కిందికి వచ్చి, కూర్చునే బండను తిరగేసి, చేతికి వచ్చిన ఆరంకెలు గీశాడు. వాటిని చూసి ఫోనులో నొక్కాడు. మళ్ళీ బండ తిరగేసి దాని మీద కూర్చున్నాడు. కాగితం ఐతే ఎవరైనా చదువుతారు, బండ కింద ఎవరు చూస్తారు?

పోయిన శనివారం ఫోను పాలిష్ మిషన్ దగ్గరి బురద తొట్టిలో పడింది. మరునాడు పనికి నాగా పెట్టి ఎర్రగుంట్ల పోయి పాత ఫోను ఒకటి కొనుక్కున్నాడు. అంగట్లో పిల్లోడు సిమ్ము వేశాడు, పాత నంబర్ల పేర్లు ఏవీ రాలేదు. వాట్సాప్ తెరిచాడు. ఆరంకెలు పెట్టమంది. మెసేజ్‌లో వచ్చిన వాటిని వాడే నొక్కాడు. ఆ వెంటనే ఇంకో ఆరంకెలు అడిగింది. కంబన్న ఫోను లాక్కుని జేబులో పెట్టుకున్నాడు. మళ్ళీ దొంగే వచ్చాడనుకున్నాడు.

ఆ మరునాడు యార్డుకు వచ్చేసరికి కూర్చునే బండ లేదు. ఎవరినీ అడగలేదు, అడిగే అలవాటు లేదు. సిమెంటు సంచి మడతపెట్టుకుని దాని మీద కూర్చున్నాడు. అప్పటినుంచి ఫోను రోజూ ఆరంకెలు అడుగుతూనే ఉంది. రోజూ అతను చెప్పకుండానే ఉన్నాడు. ఓబన్న మాట రాలేదు.

ఈరోజు అన్నం క్యారియర్ విప్పాడు గానీ ముద్ద ఎత్తకుండానే మూత పెట్టాడు. లేచి ఆఫీసు గది వాకిట్లో నిలబడ్డాడు.

"ఏం తాతా?" అంది స్వర్ణలత.

ఫోను ముందర పెట్టాడు. "అడుగుతానే ఉండాది. నేను చెప్పల్యా."

ఆమె చూసి, తల పట్టుకుంది. "ఇది దొంగ కాదు తాతా. నువ్వు పెట్టుకున్న నంబరే అడుగుతాండాది."

"ఎవురికీ చెప్పొద్దన్యావు గదమ్మా."

"మనుషులకు చెప్పొద్దన్యా! దీనికి చెప్పకుంటే తాళం ఎట్ల తెరుచ్చాది?"

"వచ్చే నంబరు చెప్పకూడదు. పెట్టుకున్నది చెప్పాల. అంతేనా?"

"వచ్చేది గూడా ఈ ఫోన్లోనే నొక్కాల. వేరే మనిషికి చెప్పకూడదు."

కంబన్న ఫోనును చూశాడు. రెండూ ఆరేసి అంకెలే. ఒకటి వస్తుంది, ఒకటి మనం పెట్టేది. రెండూ రహస్యమే, రెండూ చెప్పాల్సిందే. గడపకు లోపల ఎవరున్నారో, బయట ఎవరున్నారో అతనికి తెలియడం లేదు.

"పెట్టకపోతే?"

"వారం దాటితే నంబరు లేకుండానే తెరుచ్చాదంట. రేప్పొద్దునకు దాటుతాది. కానీ ఈ వారంలో నీకొచ్చిన మాటలు పోతాయంట తాతా. బయట కాసుకోని ఉంటాయి గదా, అవి."

"ఓబన్నవి?"

ఆమె ఫోను అతని వైపు జరిపింది. "నంబరు గుర్తుండాదా?" అంది.

"బండ కింద ఉండాది."

"ఏ బండ?"

ఆ మాటకు బయట ట్రాక్టరు కడుగుతున్న డ్రైవరు వీరభద్ర తల ఎత్తాడు. "మూల ఇరిగిందా? నడుమ గుంటుండే బండా? అది నేనే ఎత్తిచ్చినా మామా. గోడకు ఆనించింటే ఎనక అంకెలు కనపడినాయి. నంబరేసినారు గదా, సరుకేలే అని ఎత్తిచ్చినా. ఆ కొలతేందో నాకైతే అర్థం కాల్యా. అంత పెద్ద బండ యాడుండాది లోకంలో అనుకున్యా!"

"యాడికి పోయింది?" అన్నాడు కంబన్న.

"ముద్దనూరు కాడ కొత్తిల్లు. ఈ పొద్దు మల్లా లోడు ఏసుకోని పోతాండా. ఎక్కు."

ట్రాక్టరు మడ్గార్డు మీద కూర్చుని కంబన్న దోవ పొడవునా ఉలి చేత్తోనే పట్టుకున్నాడు. ఉలి ఎందుకు తెచ్చుకున్నాడో తెలియదు. ఎండకు దూరంగా సిమెంటు ఫ్యాక్టరీ గొట్టాలు వణుకుతున్నట్టు కనబడ్డాయి. జేబులో ఫోను మళ్ళీ మోగింది. పేరు లేదు. ఎత్తలేదు.

ఇల్లు సగం అయింది. వరండాలో బండలు పరిచేశారు. కంబన్న వాటి ముందర ఆగిపోయాడు. పరిచిన బండకు అంకెలు కిందికి పోతాయి, సిమెంటులో కలిసిపోతాయి. మేస్త్రి జ్ఞానరాజు బీడీ ఆర్పి, విషయమంతా విన్నాడు.

"మూల ఇరిగిందాన్ని లోపల ఎట్ల ఏస్తా పెద్దాయనా? బోరు కాడ బట్టలుతికే సోట ఏసినా. నిన్న సాయంత్రం." నవ్వాడు. "జనాలు బంగారం దాచిపెడతారు బండ కింద. నువ్వేంది, ఫోన్ తాళం దాచిపెట్టినావు?"

"లేపాల."

"లేపితే ఇంటామె నన్ను లేపుతాది."

కంబన్న బోరు దగ్గరికి పోయి ఆ బండ ముందర గొంతుక్కూర్చున్నాడు. నడిమి గుంటలో కొంచెం నీళ్ళు నిలిచి ఉన్నాయి. వాటిని అరచేత్తో తుడిచాడు. జ్ఞానరాజు కాసేపు చూసి, గడ్డపార తెచ్చాడు.

"సిమెంటు ఇంగా పచ్చిగుండాదిలే. పెచ్చు లేచ్చే నాకు చెప్పొద్దు."

ఇద్దరూ కలిసి లేపి గోడకు ఆనించారు. వెనకవైపంతా సిమెంటు పట్టి ఉంది. కంబన్న ఉలి అంచుతో గీకాడు, నీళ్ళు పోశాడు, గోటితో తవ్వాడు. ఒకటొకటే గుంటలు తేలాయి.

జ్ఞానరాజు వంగి, గట్టిగా చదవడం మొదలుపెట్టాడు.

"సదవొద్దు!" అన్నాడు కంబన్న. తర్వాత మెల్లగా, "అటు తిరుగు నాయనా," అన్నాడు.

"అబ్బో," అంటూ మేస్త్రి గోడవైపు తిరిగి నిలబడ్డాడు.

కంబన్న నొక్కాడు. తప్పు అంది. మళ్ళీ చూశాడు. గీసిన రోజు విరిగిన మూల తన ఎడమచేతి దగ్గర ఉంది. ఇప్పుడు కుడివైపు పైన ఉంది. ఆరు తొమ్మిదిలా, తొమ్మిది ఆరులా కనబడేట్టు తలకిందులుగా చదివాడు. బండను తిప్పే ఓపిక లేక తలనే వాల్చి, మెడ నొప్పి పుట్టేదాకా వంచి, ఒక్కో అంకె నొక్కాడు.

తెరుచుకుంది.

కాసేపు ఏమీ రాలేదు. తర్వాత ఫోను చేతిలో వణికింది, మళ్ళీ వణికింది. పేరు లేదు గానీ బొమ్మ ఉంది. గోపురం ముందర భుజాన తువ్వాలుతో ఓబన్న. కంబన్న ఫోను చెవికి ఆనించుకున్నాడు.

"ఏం రా, తిన్యావా?" వెనక గంట.

"పలకవేంది? నిన్న గూడా పలకల్యా."

"సుందరలచ్చిమితో ఫోను చేపిచ్చినా. ఎత్తవంట. కోపమా?"

తర్వాతది దగ్గుతో మొదలైంది. "మల్లా దొంగోడు ఎత్తుకపోయినాడా నిన్ను? రేయ్, ఎవుడైనా సరే... మా కంబన్నవైతే గొంతు పంపు. నాకు ఎక్కువ పొద్దు లేదు."

ఆఖరిది ఈ పొద్దుటిది. అందులో మాట లేదు. ఊపిరి మాత్రం ఉంది, ఈలలాగా. చాలాసేపు ఉంది.

కంబన్న మైకు బొమ్మ మీద బొటనవేలు పెట్టాడు. వేలి దుమ్ముకు అది పట్టలేదు. పంచెకు తుడుచుకుని మళ్ళీ పెట్టాడు.

"ఓబన్నా. నేనేరా." ఆగాడు. జీవితంలో ఇంత పొడుగు మాట ఎప్పుడూ పంపలేదు. "నేనే. దొంగ కాదు. నీ బండ పోయిందిరా, దొరికింది. దాని కాడనే ఉండా. తాళం తియ్యను తెలీక... ఈడనే ఉండా నేను. తిన్యా."

వేలు తీశాడు. ఒక టిక్కు పడింది, తర్వాత రెండు. వాటిని చూస్తూ కూర్చున్నాడు. జ్ఞానరాజు వరండాలోకి పోయి పని చూసుకున్నాడు. బోరు నీడ గోడ మీదికి జరిగింది. ఎప్పుడో, అక్కడ మాట విన్నారన్నట్టు, మైకు బొమ్మ నీలంగా మారింది. జవాబు రాలేదు.

వీరభద్ర లోడు దింపుకుని, హారను కొట్టాడు. కంబన్న లేస్తుండగా ఫోను మోగింది. పేరు లేని నంబరు. పొద్దున మోగిందీ, దోవలో మోగిందీ అదే. ఈసారి ఎత్తాడు.

"చిన్నాయనా, నేను సుందరలచ్చిమిని."

"ఊ."

"పొద్దున్నించీ చేస్తాండా. నాయనకు పొద్దున్నించే బాగల్యా." ఆమె ఆగింది. వెనక గుడి గంట మోగింది. "నీ మాట చెవి కాడ పెట్టినా చిన్నాయనా. రెండుసార్లు పెట్టమన్యాడు. 'వాడే' అన్యాడు. 'వాడే, దొంగోడు కాదు' అన్యాడు. ఆ తర్వాత ఇంగ మాట్లాడల్యా."

కంబన్న ఫోనును చెవికి ఇంకా అదుముకున్నాడు.

"ఇనపడతాందా?"

"ఇనపడతాంది," అన్నాడు. "వస్తాండా."

ఫోను జేబులో పెట్టుకున్నాడు. తువ్వాలు విప్పి దులిపాడు. దుమ్ము లేచి ఎండలో నిలబడింది. జ్ఞానరాజు వరండాలోంచి, "ఎట్ల ఎయ్యమంటావు పెద్దాయనా, అంకెలు పైకా, కిందికా?" అని అరిచాడు.

కంబన్న తిరిగి చూడలేదు. ట్రాక్టరెక్కి, ఒంటిమిట్టకు పోను కడప బస్సు దొరికే చోట దింపమన్నాడు. వీరభద్ర బండి తిప్పాడు.

బోరు పక్కన గోడకు ఆనించిన బండ ఎండకు పైనుంచి కిందికి ఆరిపోతోంది. ఒక్క అంకెల గుంటల్లోనే ఇంకా కాస్త తడి మిగిలి ఉంది.