పసుపు రాసిన దుర్భిణి

నాకు ఒకచోట కాలు నిలవదు. అలాంటివాణ్ణి తెచ్చి గోపాలపురం రేవు ఆఫీసులో దుర్భిణి గుమాస్తాగా వేశారు. పొద్దస్తమానం మేడ మీద నిలబడి సముద్రాన్ని చూడడమే ఉద్యోగం. రంగూను స్టీమరు మా ఒడ్డు దాకా రాదు, దూరంగా లంగరు వేస్తుంది, వట్టి కంటికి దాని జెండా రంగు ఆనదు. దాని స్తంభం మీద పసుపు జెండా ఉంటే ఓడలో అంటురోగం ఉన్నట్టు. రేవు నుంచి ఒక్క పడవ కదలకూడదు. రోగం లేకపోతే ఓడ మీద తెల్ల జెండా ఉంటుంది, అప్పుడు నేనూ మేడ మీద తెల్ల జెండా ఎగరేస్తాను. అది చూసి పడవలవాళ్ల పెద్ద, తండేలు గురువులు, తన మనుషులతో పడవలు తోసుకెళ్లి జనాన్ని దింపుకొస్తాడు.

దుర్భిణి అప్పగించిన రోజున రేవు ఆఫీసు దొర పావుగంట పాఠం చెప్పాడు. దాని తోలు పటకా మెడలో వేసుకోకుండా పట్టుకోకూడదు. అద్దాన్ని బట్టతో రుద్దకూడదు, నోటితో ఊదకూడదు. ముందు కుంచెతో దుమ్ము రాల్చాలి, ఆ తర్వాతే మెత్తని తోలుగుడ్డతో నడుమ నుంచి అంచుకు గుండ్రంగా తుడవాలి. నా తొందరకు అదొక శిక్ష. అయినా మూడేళ్లలో దాని మీద ఒక్క గీత పడనివ్వలేదు.

ఆ దసరాకు మా అమ్మ కామేశ్వరమ్మ పట్టుపట్టింది. వడ్రంగి ఉలికీ, కరణం కలానికీ పూజ జరుగుతుంటే మనకు అన్నం పెట్టేదానికి వద్దా అని. కాదనలేక నవమి నాడు దుర్భిణి ఇంటికి తెచ్చాను. బజారుకెళ్లి వచ్చేసరికి రెండు అద్దాలకూ దట్టంగా పసుపు రాసి, నడుమ కుంకుమ బొట్లు పెట్టి పీట మీద కూర్చోబెట్టింది. దశమి పూజ అయ్యేదాకా ముట్టకూడదంది. స్టీమరు ఏకాదశికి గదా అని నోరు మూసుకున్నాను.

ఆ స్టీమరులోనే మా చెల్లెలు హైమవతి వస్తోంది. రంగూనులో కాపురం, ఎనిమిదో నెల, పురిటికి పుట్టింటికి. దాన్ని చూసి రెండేళ్లు దాటింది. దాన్ని ఒడ్డు నుంచి ఇంటికి చేర్చడానికి గడ్డి పరిపించిన ఎడ్లబండి తేవాలని మా నాన్న జానకీరామయ్య గారు ముందురోజే బరంపురం వెళ్లారు.

దశమి నాడు తెల్లవారుతూనే ఓడ కూత వినబడింది. ఒకరోజు ముందే వచ్చేసింది. పీట మీది దుర్భిణి లాక్కుని పరుగెత్తాను. మేడ మెట్లెక్కుతూ, మూడేళ్లు కాపాడిన నియమాన్ని గాలికొదిలి, కండువాతో అద్దాలు పరపరా రుద్దాను. పైకెళ్లి చూస్తే సముద్రమంతా పసుపుపచ్చగా ఉంది. ఓడ మీద జెండా కూడా పసుపే. అంతలో అదే దుర్భిణిలోంచి ఒడ్డున విరుగుతున్న నురగ చూశాను. అదీ పసుపే. నురగే పసుపైతే జెండా మాటేమిటి? అది తెల్లదే అయి ఉంటుంది. తెల్లదే కావాలి.

గురువులు కింది నుంచి పైకి వచ్చాడు. "బాబూ, గాలి తిరిగిపోతంది. తోసెయ్యమంతారా, మానెయ్యమంతారా?"

నా చెయ్యి అప్పటికే తెల్ల జెండా తాడు మీద ఉంది. దాచడమెందుకు, సగం దాకా లాగాను కూడా. కింద ఇసకలో గురువులు మనుషులు పన్నెండుమంది పడవలకు భుజాలానించి నా వైపే చూస్తున్నారు. వాళ్ల వెనకే వాళ్ల గుడిసెలు, పిల్లలు. తాడు వదిలేశాను. జెండా జారి కింద పడింది.

అంతలో అమ్మ రొప్పుకుంటూ వచ్చింది, చంకలో చెల్లికని కట్టిన చలిమిడి మూట. కోపమంతా ఆవిడ మీద కక్కాను. నీ పూజతో నా కళ్లు పొడిచేశావన్నాను.

అమ్మ మూట దించింది. "దాని పడవ అల దాటి సల్లగా ఒడ్డు సేరాలని రాసినానురా. నీకోసం కాదు."

నేల మీద చతికిలబడి దుర్భిణి సామాను పెట్టె తెరిచాను. కుంచెతో కుంకుమ రాల్చాను. అంచు సందుల్లో ఎండిన పసుపును స్పిరిటు చుక్కతో నానబెట్టాను. చేతులు తొందరపెడుతున్నాయి. నడుమ నుంచి అంచుకు, నడుమ నుంచి అంచుకు. గురువులు రెండుసార్లు దగ్గాడు. నా కండువా గీసిన సన్నని గీత ఒకటి బయటపడింది, అది ఎంత తుడిచినా పోలేదు.

లేచి చూశాను. నురగ పాలలా తెల్లగా ఉంది. ఓడ అంచు కటకటాలు తెలుపు. కటకటాల దగ్గర చీరల మనుషులు కనిపించారు గానీ ముఖాలు తెలియలేదు. పైన జెండా పసుపు.

పడవలు వద్దని గురువులుకు చెప్పాను. తన మనుషుల దగ్గరికి దిగిపోయాడు. ఓడ ఇక విశాఖపట్నం పోతుంది. అక్కడ ఎన్నాళ్లు నిలబెడతారో, అందులో ఎవరికి జబ్బో, నాకు తెలియదు.

అమ్మ ఓడ వైపు చూడలేదు. నా చేతిలోని దుర్భిణినే చూస్తోంది.

"బాగా తుడిసినావా?"

"తుడిసినానమ్మా."

"ఇంకోపాలి తుడవరా, నాయనా."

నేను మళ్లీ కూర్చున్నాను. పెట్టెలోంచి తోలుగుడ్డ తీసి, శుభ్రంగా ఉన్న అద్దాన్ని నడుమ నుంచి అంచుకు తుడవడం మొదలుపెట్టాను.