గోడకు సిగ్గేమిటి

కొళాయి దగ్గర సబ్బు రుద్దుతున్న చప్పుడు విని ఆమె బిందె చంకన పెట్టుకుని గుమ్మంలోనే ఆగింది. భర్త తన ఖాకీ ప్యాంటు తనే ఉతుక్కుంటున్నాడు. కింద కూర్చుని కాదు, నిలబడే. నడుము వంచి, నాపరాయి మీద ప్యాంటును బోర్లా పరిచి, ఒకటే చోట మళ్ళీ మళ్ళీ రుద్దుతున్నాడు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో చేతిరుమాలైనా ఉతికి ఎరగని మనిషి, ఈ మధ్య ఆమె లేచేసరికే కొళాయి దగ్గర ఉంటున్నాడు.

"ఇటు పడెయ్యండి, నేను ఉతుకుతా కదా."

"గ్రీజు మరక. నీ చేతికి పోదు," అన్నాడు తలెత్తకుండా.

బస్సు తోలేవాడి బట్టలకు గ్రీజు అంటడం వింత కాదు. కానీ అది మోకాళ్ళకు అంటుతుంది, ముంజేతుల దగ్గర అంటుతుంది. ఆయన రుద్దుతున్నది కూర్చునే చోట. ఆమె చూసింది. బిందె కొళాయి కింద పెట్టి, నిండేదాకా గోడ మీద పాకుతున్న చీమల బారును చూస్తూ నిలబడింది. చూడకుండా నిలబడడం ఆమెకు బాగా చేతనైన పని. జీతం ఇచ్చేది దానికే.

ఎండలు మొదలైన రోజుల్లో ఆయన ఒకసారి, "ఒంట్లో వేడి చేసినట్టుందే," అన్నాడు. "పొద్దస్తమానం ఇంజను పక్కన కూర్చుంటే వేడి చెయ్యక చలవ చేస్తుందా?" అని తనే నవ్వాడు. ఆమె కూడా నిజమే కదా అనుకుంది. ఆ ఇంజను మూత సెగకు ఆయన ఎడమ పిక్క మీద వెంట్రుకలు కూడా ఉండవు. నీళ్ళు బాగా తాగమని చెప్పి ఊరుకుంది. ఎండలు పోయాయి. వానలు వచ్చి, అవీ పోయాయి. వేడి మాత్రం పోలేదు.

ఆమె పని చేసేది మొలల డాక్టరు దగ్గర. బోర్డు మీద ఇంకేదో పొడుగాటి పేరు ఉంది కానీ, జనం నోట్లో అది మొలల ఆసుపత్రే. మేడ మీద రెండే వాకిళ్ళు. ఒకటి ఇది, రెండోది పంటి డాక్టరుది. అందుకని మెట్లెక్కేవాళ్ళలో సగం మంది చెంప మీద చెయ్యి వేసుకుని ఎక్కుతారు. తెలిసినవాడు ఎదురైతే "దవడ పన్ను" అని మూలుగుతారు. పై మెట్టు ఎక్కాక అటూ ఇటూ చూసి, చెంప మీద చెయ్యి తీసేసి, ఈ వాకిట్లోకి జొరబడతారు. "ఈ వీధి మొత్తానికి పళ్ళు పుచ్చినట్టున్నాయి, నా దగ్గరికి మాత్రం ఒక్కడూ రాడు," అని పంటి డాక్టరు ఒకసారి ఏడవలేక నవ్వాడు.

లోపలి గదిలో ఎత్తైన బల్ల, దాని మీద నల్లటి రెక్సిను, మెడ వంచిన దీపం, మూత పెట్టిన స్టీలు పళ్ళెం. దుప్పటి మార్చడం, సామాను మరిగించడం, పడుకున్న మనిషిని ఎడమ పక్కకు తిప్పి మోకాళ్ళు కడుపులోకి ముడవమని చెప్పడం, చూడవలసినంత మేరే కనబడేలా దుప్పటి కప్పడం, తల దగ్గర నిలబడి చెయ్యి అందించడం, తన మొహం గోడ వైపు తిప్పుకోవడం. ఇదీ ఆమె కొలువు. ఆమెకు ముందు వచ్చినవాళ్ళు మధ్యాహ్నం అన్నం వేళకే "ఇదేం పని తల్లీ" అని వెళ్ళిపోయారు. ఆమె మాత్రం చేతులు కడుక్కుని, మెట్ల దగ్గర కూర్చుని, డబ్బా విప్పి అన్నం తింది. చేరేముందు భర్తను అడిగితే, "పనే కదా. దొంగతనం కాదు," అన్నాడు. ఆ తర్వాత ఆ పని గురించి ఆయన ఒక్క మాట అడిగింది లేదు, ఆమె చెప్పిందీ లేదు.

చేరిన కొత్తలో ఒక పెద్దాయన బల్ల ఎక్కి, పైజమా బొందు రెండు చేతులతో పట్టుకుని వదిలితే ఒట్టు. డాక్టరు చెప్పాడు, కాంపౌండరు కసిరాడు. ఆమె మొహం తిప్పుకుని, "నన్ను గోడననుకోండి బాబూ. గోడకు సిగ్గేమిటి?" అంది. పెద్దాయన బొందు వదిలాడు. ఆ పూట నుంచి కాంపౌండరు ఆమెను గోడమ్మ అన్నాడు. తర్వాత డాక్టరు అన్నాడు, తర్వాత రోగులు. అసలు పేరు జీతం సంతకానికి మిగిలింది.

ఆ రోజు మొదట వచ్చినవాడు దర్జీ. కుర్చీ చూపిస్తే దణ్ణం పెట్టాడు.

"కూర్చోలేను గోడమ్మా. మిషను కూడా నిలబడి తొక్కుతున్నా. కూర్చుంటే గాజుపెంకు మీద కూర్చున్నట్టే. వెళ్ళొచ్చాక గంటసేపు కళ్ళల్లో నీళ్ళు."

డాక్టరు దీపం వంచి చూశాడంతే. "మొలలు కావయ్యా, చీలిక. వేలు కూడా పెట్టను, ఊపిరి వదులు."

"వేడి చేసిందని మా ఆవిడ..."

"వేడి అనే రోగం నేను చదివిన పుస్తకాల్లో లేదు. నీళ్ళు తాగవు, పీచున్న తిండి తినవు, కూర్చుని ముక్కుతావు. అదీ రోగం. గోరువెచ్చని నీళ్ళ టబ్బులో పొద్దున్నా సాయంత్రం కూర్చో. ఈ మందు రాయి. మానుతుంది."

"టబ్బులో కూర్చుని కుట్టుకోవచ్చా డాక్టరు గారూ?"

డాక్టరు నవ్వాడు. గోడ వైపు తిరిగి గోడ కూడా నవ్వింది.

పొద్దెక్కాక అచ్చు ప్రెస్సులో పని చేసే ఆయన వచ్చాడు. పొడుగాటి మనిషి, గోళ్ళ సందుల్లో సిరా. భార్యను బయట బెంచీ మీద కూర్చోబెట్టి వచ్చాడు. జేబులోంచి చివరి దాకా చుట్టి పిండేసిన మందు గొట్టం తీసి బల్ల మీద పెట్టాడు.

"మొలలేనండీ. ఇది రాస్తే తగ్గుతుంది, మళ్ళీ వస్తుంది. ఇంకో రకం రాసివ్వండి చాలు. చూడక్కర్లేదు."

"చూడకుండా రాసేదానికి నాకు ఈ దీపం ఎందుకండీ? ఎక్కండి."

ఆమె బెల్టు తీయమంది. ఆయన తీసి అందించిన బెల్టును కుర్చీ వీపుకు వేస్తుంటే ఆమె చూపు దాని మీద పడింది. కంపెనీ వాడు వేసిన రంధ్రాలు అయిపోయాక, లోపలి వైపు మరొకటి వంకరగా పొడిచి ఉంది. బెల్టు కొస నాలుకలా మిగిలిపోయి వేలాడుతోంది. ఆమె దుప్పటి కప్పి, చెయ్యి అందించి, గోడ వైపు తిరిగింది.

వేలితో చూసేటప్పుడు డాక్టరు మాట్లాడుతూనే ఉంటాడు. వాన గురించి, రోడ్డు మీద గుంటల గురించి, ఏదో ఒకటి. రోగి మనసు ఆ మాట వెంట పోతుంది, ఆలోగా చూడడం అయిపోతుంది.

"మీ ప్రెస్సులో పెళ్ళి కార్డులు వేస్తారా? మా తమ్ముడి కూతురికి సంబంధం కుదిరేలా ఉంది. మంచి రంగులో..."

మాట ఆగిపోయింది.

ఆ ఆగడం ఆమెకు తెలుసు. ఇన్నేళ్ళలో చాలా తక్కువసార్లు విన్నది. గోడ మీద సున్నం పెచ్చు లేచిన చోటు చూస్తూ నిలబడింది. దీపం సన్నగా గుయ్యిమంటోంది. ఆమె చేతిలో ఉన్న చెయ్యికి ఏమీ తెలియదు.

"అయిపోయిందాండీ?" అన్నాడు ఆయన.

డాక్టరు తొడుగులు తీసి, చేతులు కడుక్కోవడానికి ఎక్కువసేపు తీసుకున్నాడు. "రక్తం మలంలో కలిసి వస్తోందా, తర్వాత చుక్కలుగా పడుతోందా?"

"కలిసేనండీ."

"వెళ్ళొచ్చాక కూడా ఇంకా ఉన్నట్టే ఉంటుందా?"

"అవునండీ! పోయి కూర్చుంటే ఏమీ ఉండదు."

"బరువు?"

"తగ్గాను. వేడికి తగ్గుతారు కదండీ."

పుస్తకాల్లో లేదన్న మాట డాక్టరు ఈసారి అనలేదు. "లోపల ఒకచోట గట్టిగా తగులుతోంది. చిన్న ముక్క తీసి పరీక్షకు పంపాలి. గోడమ్మా, వాళ్ళ ఆవిడను పిలువమ్మా."

"ముందే రావలసిందాండీ?" అన్నాడు ఆయన.

"ఇప్పుడు వచ్చారుగా," అన్నాడు డాక్టరు.

వాళ్ళు వెళ్ళాక ఆమె దుప్పటి మార్చింది. ఎప్పుడూ ఒక్క విసురులో పరుచుకునే దుప్పటి ఆ రోజు మూల కుదరలేదు. మొన్నీమధ్య ఇంట్లో కిటికీ గట్టు మీద ఒక మేకు, గుండ్రాయి కనబడితే, భర్త కుర్చీ బాగుచేసి మరిచిపోయాడు కాబోలు అనుకుని తీసి లోపల పెట్టింది. ఇంట్లో ఏ కుర్చీ బాగుపడలేదు.

ఆ సాయంత్రం భర్త ఇంటికి వచ్చి, కాళ్ళు కడుక్కుని, చొక్కా విప్పి, బెల్టు తీసి తలుపు వెనక గోడ మేకుకు తగిలించాడు. కంచం చేత్తో పట్టుకుని కిటికీకి ఆనుకుని నిలబడి తింటున్నాడు. చొక్కా లేని భుజాల ఎముకలు దీపం వెలుగులో నీడలు వేశాయి.

"కూర్చుని తినండి."

"రోజంతా కూర్చునేగా ఉద్యోగం."

"ఏమండీ, ఒకసారి మా డాక్టరుకు చూపించుకోండి."

"దేనికి?"

"ప్యాంటుకు అంటేది గ్రీజు కాదు."

ఆయన నమలడం ఆపాడు. కంచం కిటికీ గట్టు మీద పెట్టాడు. చెవులు ఎర్రబడ్డాయి.

"డిపోలో నన్నేమంటారో తెలుసా నీకు? 'మీ ఇంటావిడకు ఊళ్ళోవాళ్ళ మొహాలకంటే వెనకలే బాగా గుర్తంట గదా' అంటారు. నవ్వుతాను. ఇన్నేళ్ళూ నవ్వే ఊరుకున్నాను. ఇప్పుడు నేనే పోయి ఆ బల్ల ఎక్కమంటావా?"

ఆ మాట ముందుగా పుట్టించినవాడు ఎవరో ఆమెకు తెలుసు. వాడు కూడా చెంప మీద చెయ్యి వేసుకుని ఆ మెట్లెక్కినవాడే. ఆమె చెయ్యి నలిగేలా పట్టుకుని 'అమ్మా' అని ఏడ్చినవాడే. ఆ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడూ చెప్పలేదు.

"నేను గోడలాంటిదాన్నే కదండీ," అంది మెల్లగా.

"ఊరందరికీ గోడవి. నాకెట్లా అవుతావు?"

ఆమె కంచం తీసుకుని గిన్నెలు కడిగే మూలకు వెళ్ళింది. ఆయనకు వీపు పెట్టి, గోడకు ఎదురుగా నిలబడి, పీచు అందుకుంది.

"రేపు నేను పనికి పోను. ఒంట్లో బాగోలేదని కబురు పెడతాను. ఆ గదిలో కాంపౌండరు ఉంటాడు. డాక్టరు మిమ్మల్ని ఎప్పుడూ చూడలేదు. నా మనిషని చెప్పకండి. బస్సు డ్రైవరునని చెప్పండి చాలు."

ఆమె తిరగలేదు. తోమిన కంచమే మళ్ళీ తోమింది.

"నొప్పిగా ఉంటుందా?"

"పెద్దగా ఉండదు. ఎడమ పక్కకు తిరిగి పడుకోమంటారు. మోకాళ్ళు కడుపులోకి. నోటితో ఊపిరి వదులుతూ ఉంటే అయిపోతుంది. డాక్టరు ఏదో ఒకటి మాట్లాడుతూ ఉంటారు."

"ఏం మాట్లాడతాడు?"

"బస్సుల గురించి అడుగుతారేమో."

మాట మధ్యలో ఆగితే ఏమిటో ఆమె చెప్పలేదు.

అప్పుడు ఆయన చెప్పడం మొదలుపెట్టాడు. నెమ్మదిగా, ఎవరికీ కానట్టు, వీపుకు చెప్పినట్టు. వేసవికి ముందు నుంచే ఉందట. మొదట్లో అప్పుడప్పుడు, ఇప్పుడు రోజూ. కలిసే వస్తోందట. బస్సు ఎక్కేముందు వెళ్ళొచ్చినా ఇంకా ఉన్నట్టే ఉంటుందట. ఒకరోజు దారి మధ్యలో టైరు చూడాలని అబద్ధం చెప్పి బస్సు ఆపి, తుప్పల్లోకి పరిగెత్తాడట. ప్రయాణికులు హారన్ కొట్టారట, ఎవడో వచ్చి స్టీరింగు దగ్గర కూర్చుని మరీ కొట్టాడట. అది చెప్పేటప్పుడు ఆయన కొంచెం నవ్వాడు. ఆమె ఒక్కటీ అడగలేదు. పొద్దున డాక్టరు అడిగిన ప్రశ్నలన్నిటికీ ఆమె వీపు వెనక జవాబులు వస్తున్నాయి. ఆమె చెంబుతో నీళ్ళు చేతుల మీద పోసుకుంటూనే ఉంది.

"ఇదంతా ఇలాగే చెప్పండి ఆయనకు," అంది.

"ఊఁ."

"వదులు బట్టలు వేసుకోండి. బెల్టు పెట్టుకోకండి."

అది ఆమె రోజూ రోగులందరికీ చెప్పే మాట. నోటికి వచ్చిన వరసలో వచ్చేసింది. అన్నాక కంచం బోర్లించి, చేతులు కొంగుకు తుడుచుకుంది.

మర్నాడు పొద్దున కొళాయి దగ్గర సబ్బు చప్పుడు లేదు. ఆమె బిందె నింపి తెచ్చి, వంటింట్లో వాకిలికి వీపు పెట్టి కూర్చుని బియ్యం చేటలో పోసుకుంది. ఏరడానికి రాళ్ళేమీ లేవు. ఉన్నట్టే ఏరుతోంది. వెనక మంచం కిర్రుమంది. పెట్టె మూత తెరుచుకుని మూతపడింది. ముందు గదిలో అడుగులు తలుపు దగ్గరికి వెళ్ళి, అక్కడ కాసేపు ఆగాయి. 'వస్తా' అనకుండా ఆ గడప దాటి ఎరగని మనిషి. ఆమె చేట మీది చెయ్యి ఆపి ఎదురుచూసింది. మాట రాలేదు. గడియ తీసిన చప్పుడు, చెప్పుల చప్పుడు.

డిపోకు పోవాలంటే వాకిట్లోంచి కుడికి తిరగాలి. చెప్పుల చప్పుడు ఎడమకు తిరిగింది.

అది వీధి మలుపులో కలిసిపోయేదాకా ఆమె తల తిప్పలేదు. తర్వాత చేట పక్కన పెట్టి, లేచి, ముందు గదిలోకి వచ్చింది. ఖాకీ బట్టలు తీగ మీద మడత నలగకుండా ఉన్నాయి. తలుపు వెనక మేకుకు బెల్టు ఒక్కటే వేలాడుతోంది. వరసగా గుండ్రటి రంధ్రాలు, వాటి తర్వాత అంచులు చిట్లిన రంధ్రం ఒకటి, దాని పక్కన ఇంకా కొత్తది మరొకటి. ఆ కొత్తదానిలోంచి, తెల్లగా, గోడ కనబడుతోంది.