కాగితం వెనక వైపు

ఏమయ్యా, నిన్నే. కాళ్ళు బారజాపుకుని ఆ శాండ్‌విచ్ నములుతున్నావే, అదెవరు చేశారో చెప్పు చూద్దాం. నువ్వు చెయ్యలేదని నాకు తెలుసు, అందులో ఉల్లిపాయ సన్నగా తరిగి ఉంది. చేసిన మనిషి తిందో లేదో అడిగావా? లేదు కదా. ఫరవాలేదు, నేనూ నీలాంటివాణ్ణే. మధ్యలో నవ్వొస్తే మొహమాటపడకుండా నవ్వుకో.

మా అక్క కూతురు ఆర్లీన్ ప్రతి శనివారం పన్నెండింటికి వంటింట్లో నిలబడి పద్నాలుగు శాండ్‌విచ్‌లు చేసేది. కింద నేలమాళిగలో ఆమె మొగుడు డ్వేన్, నేను, ఇంకో నలుగురు మగాళ్ళం బల్ల చుట్టూ చేరేవాళ్ళం. అమెరికా ఉత్తరాన మా ఊరు షెబోయ్‌గన్‌లో ఫిబ్రవరి నెలలో సరస్సు మీంచి వచ్చే గాలికి చెవులు ఊడిపోతాయి, ఇంట్లో కూర్చుని ఆడుకోక ఏం చేస్తాం? ఆట ఏమిటంటే, పాత గ్రీకు దేవుళ్ళు ఈ కాలపు నగరంలో సూపర్ హీరోలుగా తిరుగుతుంటారు. మనిషికొక దేవుడు, దేవుడికొక కాగితం. దాని మీద బలం ఎంత, వేగం ఎంత అని అంకెలు. డ్వేన్ కథ నడిపేవాడు, తీర్పులు చెప్పేవాడు. "బ్యాంకు మీద రాక్షసులు పడ్డారు, ఏం చేస్తారు?" అంటాడు. మేం చెబుతాం, పాచికలు విసురుతాం, నగరాన్ని కాపాడామని ఒకరి వీపు ఒకరం చరుచుకుంటాం.

అయితే దేవుణ్ణి ఆటలోకి దించడం తేలిక కాదు. దేవుడికి హద్దు లేదు, ఆటకి హద్దుండాలి. ఎవరికైనా రెండు వందల యాభై పాయింట్లే. పిడుగు విసరడానికే అవి చాలవు. ఒక బలహీనత ఒప్పుకుంటేనే అదనంగా పాయింట్లిస్తారు. ఆ బలహీనత పాత కథల్లోంచే రావాలి, ఊరికే అతికిస్తే కుదరదు. దాన్ని వెతికి పట్టుకోవడమే అసలు పని. ఆ పని చేసింది ఆర్లీన్. రెండేళ్ళు లైబ్రరీ నుంచి లావుపాటి పుస్తకాలు మోసుకొచ్చి, అంట్లు తోమాక, బట్టలు మడతపెట్టాక, వంటింటి బల్ల మీదే నలభై ఎనిమిది మంది దేవుళ్ళని రాసింది. కాగితం ముందు వైపు బలాలు, వెనక వైపు బలహీనతలు. మా బల్ల దగ్గర ఆ కాగితం వెనక్కి తిప్పి చూసిన మగాడు ఒక్కడూ లేడు. నేను హెర్మిస్‌ని, దూతలకీ దొంగలకీ దేవుణ్ణి. నా వేగం అంకె చూసుకుని మురిసిపోవడమే సరిపోయింది. ఆ కాగితాన్ని అదృష్టం కోసం చొక్కా జేబులో పెట్టుకుని తిరిగేవాణ్ణి, బల్ల మీద మరిచిపోయినప్పుడల్లా ఆర్లీనే తెచ్చిచ్చేది.

డ్వేన్ కూడా చదవలేదు. ఆటలో ఎక్కడ చిక్కుపడినా మెట్లకేసి తిరిగి, "ఆర్లీన్, మస్టర్డ్!" అని కేకేసేవాడు. ఆమె శాండ్‌విచ్‌లో రాసే ఆ ఆవపిండి సీసా తెచ్చిపెట్టేది. సీసా కింద చీటీ, చీటీలో జవాబు. పై మెట్టు మీద నిలబడి ఆటంతా వినేది కాబట్టి ఎప్పుడేది రాయాలో ఆమెకి తెలుసు.

ఒకసారి, "నేనూ ఆడతాను, హెస్టియాని" అంది.

"ఎవరామె?" అన్నాడు డ్వేన్.

"పొయ్యి దేవత."

"పొయ్యి దగ్గర కూర్చునేదానికి పవరేముంటుంది, సూపు మరిగించడమా?"

అందరం నవ్వాం, అందరికంటే గట్టిగా నేను. పై నుంచి ఆర్లీన్ అత్తగారు హిల్డా, "అమ్మాయ్, మగాళ్ళ ఆటలో నీకేం పని? ఓవెన్లో క్యాసరోల్ మాడుతోంది, చూడు" అంది.

డ్వేన్ చెయ్యెత్తేవాడు కాదు, అరిచేవాడు కాదు. గొంతు తగ్గించేవాడు. ఇది నాకు తరవాత ఆర్లీన్ కారులో చెబితేగానీ తెలియలేదు. గరాజ్ తలుపు చప్పుడుతోనే ఆ సాయంత్రం ఎలా గడుస్తుందో ఆమెకి తెలిసిపోయేదట. దడాలున మూస్తే ఫరవాలేదు. మెల్లగా మూస్తే మాత్రం చేతిలో గరిటె పక్కన పెట్టి ఆలోచించడం మొదలుపెట్టేది. ఏం తప్పు జరిగి ఉంటుంది? చొక్కా కాలరు సరిగ్గా ఇస్త్రీ కాలేదా? అమ్మతో ఫోన్లో నవ్వడం వినిపించిందా? హిల్డా ఏమైనా చెప్పిందా? అతను కోటు తగిలించి, బూట్లు విప్పి, కుర్చీ లాక్కుని, "ఆర్లీన్, ఇలా వచ్చి కూర్చో" అనేలోపు పొద్దున్నించీ చేసిన ప్రతి పనినీ ఒకసారి చూసుకునేది, ఎక్కడ దొరికిపోతానా అని. ఏమీ దొరక్కపోతే భయం ఇంకా పెరిగేది, తనకి కనిపించని తప్పు ఏదో అతనికి కనిపించిందని. దేవుళ్ళకే రాజైన జ్యూస్‌కి బలహీనతలు రాస్తున్నప్పుడు ఆమె చెయ్యి ఒకచోట ఆగిపోయిందట. పుస్తకంలో ఉన్నది రాస్తున్నానా, ఇంట్లో ఉన్నది రాస్తున్నానా అని.

పోయిన ఈస్టర్‌కి ఆమె కుడిచేతి రెండు వేళ్ళు కారు తలుపులో పడి నలిగాయి. "చూసుకోలేదు" అన్నాడు డ్వేన్, మెల్లగా. "అవును, నేనే చూసుకోలేదు" అంది ఆర్లీన్. భోజనాల బల్ల దగ్గర ఒక్కరూ మాట్లాడరు. నేనున్నచోట అంత నిశ్శబ్దమా? "బౌలింగ్‌కి బంతి చిల్లుల్లో దూర్చడానికి మూడు వేళ్ళే చాలు, నీకింకా ఎనిమిదున్నాయి, దిగులెందుకే పిల్లా!" అన్నాను. బల్లంతా ఘొల్లుమంది. ఆర్లీన్ కూడా నవ్వింది. పండగ పాడవకుండా కాపాడానని నా భుజం నేనే తట్టుకున్నాను.

ఈ జనవరిలో డ్వేన్ ఆటల పుస్తకాలు అచ్చువేసే కంపెనీకి ఉత్తరం పంపాడు, "నలభై ఎనిమిది మంది దేవుళ్ళని నేను తయారుచేశాను" అని. టైపు కొట్టింది ఆర్లీనే. మిసెస్ టాల్‌బర్ట్ అనే ఎడిటరు శనివారం వచ్చి ఆట చూస్తుందని జవాబొచ్చింది. ఆ వారం బుధవారం నేను మంచు పార ఇచ్చిపోదామని వెళితే ఆర్లీన్ ప్లేట్లు తుడుస్తోంది.

"నా చేతిరాత కాగితాలన్నీ రేపు తగలెయ్యమన్నాడు మావయ్యా. టైపు చేసినవి చాలట. పక్కనే నిలబడతాడట."

"మరి తగలేస్తావా?"

"ఏం చెయ్యను?" అంది, ప్లేటు వంకే చూస్తూ.

బట్టలు తీసుకురావడానికి ఆమె కిందికి వెళ్ళింది. సామాన్ల అలమారలో పురికొస కట్టిన బూట్ల పెట్టె కనిపించింది, ఆమె కాగితాలు దాచుకునేది అందులోనే. మా ఊళ్ళో అందరం ఒకే కొట్లో మంచు బూట్లు కొంటాం, అలాంటి పెట్టే నా కారు డిక్కీలో ఒకటుంది. పాత వార్తాపత్రికలు కుక్కి, పురికొస కట్టి, దీని చోట దాన్ని పెట్టేశాను. దొంగల దేవుణ్ణి కదా! ఆర్లీన్‌కి చెప్పలేదు. చెబితే సరదా ఏముంది? శనివారం ఎడిటరు ముందు పెట్టె తెరిచి డ్వేన్ మొహం చూడాలి.

గురువారం సాయంత్రం పెరట్లో చెత్త కాల్చే ఇనప పీపా దగ్గర ముగ్గురం నిలబడ్డాం. "విప్పక్కర్లేదు, అలాగే పడెయ్" అన్నాడు డ్వేన్. ఆమె పడేసింది. మంట లేచింది, గాలికి సగం కాలిన కాగితం ఒకటి పైకెగిరి మంచులో పడింది. ఆర్లీన్ దానికేసి చూసి, గబుక్కున బూటుతో తొక్కింది.

"ఏమిటది?" అన్నాడు డ్వేన్.

"ఏమీ లేదు. మసి."

అతను ఆమె వంక చాలాసేపు చూసి, "లోపలికి పద" అన్నాడు మెల్లగా. నాకు లోపల్లోపల నవ్వాగలేదు.

శనివారం మిసెస్ టాల్‌బర్ట్ వచ్చింది. నెరిసిన జుట్టు, మెడలో గొలుసుకి వేలాడే కళ్ళజోడు, ఒళ్ళో పెద్ద సంచి. డ్వేన్ కొత్త స్వెట్టర్ వేసుకున్నాడు. గంటసేపు ఆట బాగానే నడిచింది. అప్పుడామె మా జ్యూస్ ఆడేవాడికేసి తిరిగి, "మీ దేవుడు ఇందాక పాతాళంలోని స్టిక్స్ నది మీద ఒట్టేశాడు. ఇప్పుడు మాట తప్పుతున్నాడు. ఏమవుతుంది?" అంది.

వాడు డ్వేన్ వంక చూశాడు. డ్వేన్ మెట్లకేసి తిరిగాడు. "ఆర్లీన్, మస్టర్డ్."

ఆర్లీన్ సీసా తెచ్చిపెట్టింది. డ్వేన్ సీసా ఎత్తాడు. కింద ఏమీ లేదు.

"ఆర్లీన్, మస్టర్డ్" అన్నాడు మళ్ళీ, ఇంకా మెల్లగా.

"ముందరే ఉంది కదండీ, మూత కూడా తియ్యలేదు" అంది మిసెస్ టాల్‌బర్ట్.

చీటీ ఏప్రాన్ జేబులోనే ఉందట. చెయ్యి జేబులోకి వెళ్ళిందట కూడా. నలిగిన ఆ రెండు వేళ్ళూ చీటీని పట్టుకున్నాయి, బయటికి మాత్రం తియ్యలేదు. డ్వేన్ చెయ్యి బల్ల మీద ఎంత కదలకుండా ఉందో ఆమె ఒక్కతే గమనించిందట.

"ఏడాదిపాటు ఊపిరి లేకుండా పడి ఉంటాడు" అంది ఆర్లీన్. ఆ నేలమాళిగలో ఆటలో ఆమె గొంతు వినడం అదే మొదటిసారి. "ఆ తరవాత తొమ్మిదేళ్ళు ఏ దేవుడూ అతన్ని తన బల్ల దగ్గర కూర్చోనివ్వడు. ఎంత బలమున్నా సరే. కాగితం వెనక ఉంది."

మిగతా నలుగురూ కాగితాలు తిప్పి చూశారు. నేను తప్ప. నేను పెట్టె తేవడానికి లేవబోతున్నాను.

"ప్లేట్లు తీసుకుని పైకి వెళ్ళు. తరవాత మాట్లాడుకుందాం" అన్నాడు డ్వేన్. ఆర్లీన్ కదల్లేదు.

మిసెస్ టాల్‌బర్ట్ సంచిలోంచి కాగితాల కట్ట తీసి బల్ల మీద పెట్టింది. చేతిరాత కాగితాలు. "ఇవి మూడు వారాల కిందట టపాలో వచ్చాయి. పంపిన వాళ్ళ పేరు లేదు, రాసిందెవరో తెలియాలంటే వచ్చి ఆట చూడమని మాత్రం ఉంది. హెస్టియా దగ్గర నేను ఆగిపోయాను. బలం ఒక్కటే: ఆమె లేచి వెళ్ళిపోతే ఆ ఇంట్లో ఏ దేవుడి బలమూ పనిచెయ్యదు." కళ్ళజోడు సవరించుకుంది. "ఇంకొకటి అడగాలి. ముప్పయ్యో కాగితం నుంచి అక్షరాలు వంకర తిరిగాయి. ఎందుకు?"

అందరూ ఆర్లీన్ కుడిచెయ్యి చూస్తున్నారు. నా నోట్లోకి ఒక జోకు వచ్చింది కూడా. ఎందుకో బయటికి రాలేదు.

"ఆర్లీన్" అన్నాడు డ్వేన్, వినీవినిపించకుండా.

"వెళ్తున్నాను" అంది. ఏప్రాన్ విప్పి మస్టర్డ్ సీసా పక్కన పెట్టింది. "మావయ్యా, కారు తియ్యి. అమ్మ దగ్గరికి."

మిసెస్ టాల్‌బర్ట్ కారు మా వెనకే వచ్చింది. ఊరు దాటేదాకా ఆర్లీన్ కిటికీలోంచి వెనక్కే చూస్తూ కూర్చుంది. పెట్రోలు బంకు దగ్గర ఆపి, డిక్కీలోంచి పెట్టె తెచ్చి ఆమె ఒళ్ళో పెట్టాను. "మూడు రోజులు మంచం కింద దాచి కాపలా కాశాను. నీ మావయ్య అంటే ఏమనుకున్నావ్? విప్పు!"

విప్పింది. నిండా నా బౌలింగ్ జట్టు పాత స్కోరు కాగితాలు.

"నువ్వు మా ఇంట్లో పడేసినవే" అంది. "అసలైనవి అప్పటికే టపాలో వెళ్ళిపోయాయి, తగలెయ్యడానికి ఇవి పెట్టాను. మంటలోంచి వార్తాపత్రిక ఎగిరింది. ఎవరో పెట్టె మార్చారని తెలిసింది. డ్వేనే మార్చాడనుకున్నాను మావయ్యా. అన్నీ తెలిసి ఊరుకున్నాడనుకున్నాను. గురువారం నుంచి ఇప్పటిదాకా నేను ఏం తిన్నానో, పడుకున్నానో లేదో నాకే తెలియదు."

"మరి నాకు ముందే చెప్పొచ్చుగా, పిచ్చిపిల్లా! నన్నెందుకు నమ్మలేదు?"

"నీ కాగితం వెనక్కి తిప్పు."

చొక్కా జేబులోంచి తీసి, రెండేళ్ళలో మొదటిసారి తిప్పాను. పైన నాలుగు వరుసలు చక్కటి అక్షరాలు, అవి పాత కథల్లోవి. అన్నిటికంటే కింద, ఈస్టర్ తరవాత రాసిన వంకర అక్షరాలతో ఒక్క వరుస: ఎదుటి మనిషి భయపడుతుంటే నవ్విస్తాడు, భయపెట్టేవాణ్ణి మాత్రం ఆపడు.

ఏమయ్యా, తలొంచుకున్నావేం? ఆ ఎనిమిది వేళ్ళ మాటకి నువ్వూ నవ్వావు, నేను చూశాను.