నీళ్ళత్త పీట

చాచిన కాళ్ళ మీద పిల్లవాణ్ణి బోర్లా వేసుకుని, వీపు మీది నురగను అరచేత్తో నడుం దాకా జారుస్తూ, తలుపు వైపు చూడకూడదని నీళ్ళత్త గట్టిగా అనుకుంటోంది. అనుకుంటూనే చూసింది. గువ్వ ఇంకా అక్కడే నిలబడి ఉంది. భుజం మీద తువ్వాలు, ఒక పాదం మీద ఇంకో పాదం, మోకాలి వెనక గోక్కుంటున్న చెయ్యి.

"ఇవాళ నీ వంతు కాదమ్మా. పో, ఆడుకో పో."

గువ్వ కదల్లేదు. మూడేళ్ళుంటాయేమో ఆ పిల్లకు. వంతులేమిటో వారాలేమిటో ఆ బుర్రకు ఎక్కించగల మొనగాడు ఇంకా పుట్టలేదు. కాళ్ళ మీదివాడు ఇదే సందనుకుని జారిపోబోయాడు. "ఒరేయ్, చేపవా, మనిషివా?" అని వాణ్ణి మళ్ళీ మీదికి లాక్కుని, నెత్తిన రెండు మగ్గులు గుమ్మరించి, తుడిచి, బయటికి తోలింది. గువ్వ పక్కకు జరిగి వాడికి దారి ఇచ్చి, తిరిగి తన చోట నిలబడింది.

స్నానాల గది పెద్దదే. గోడలకు తెల్ల పలకలు, పైన ఒక చిన్న కిటికీ, మూలన వేడినీళ్ళ బాయిలరు. ఆవిరి పట్టి గదిలో ఎప్పుడూ వానాకాలమే. మధ్యలో బెత్తెడు ఎత్తు చెక్కపీట. దాని మీద కూర్చుని కూర్చుని నడిమి భాగం గిన్నెలా అరిగిపోయింది. నీళ్ళత్త కంటే ముందు ఇంకొక ఆయా కూర్చునేది దాని మీద. అప్పుడు ఆ ఆయా కాళ్ళ మీద పడుకున్న పిల్లల్లో నీళ్ళత్త ఒకతె.

అవును, ఆమె ఈ అనాథ శరణాలయంలోనే పెరిగింది. ఆ ఆయాకు మోటు చేతులు, ఏనుగు కాళ్ళు, నోరు తెరిస్తే తిట్లు. అయినా చిన్నతనం అనగానే నీళ్ళత్తకు ఆ కాళ్ళే గుర్తొస్తాయి. ఎందుకంటే ఈ ఇంట్లో పిల్లల్ని ఎత్తుకోకూడదు. పనివాళ్ళను "అమ్మా" అని పిలవనివ్వకూడదు, అత్త అనొచ్చు, అక్క అనొచ్చు. ఎత్తుకోవడం మాత్రం లేదు. చంక మరిగిన పిల్లను దింపడం ఎవరి తరం? ఒకరిని ఎత్తుకుంటే మిగతావాళ్ళంతా రాగం అందుకుంటారు. చూసుకునే చేతులా తక్కువ. రాతిగుండెల వాళ్ళు పెట్టిన కట్టడి కాదది, చేతకాక పెట్టుకున్నది. కానీ ఒళ్ళో వేసుకోకుండా స్నానం చేయించడం ఎవరికీ కుదరదు కదా. అందుకని ఈ గదిలో ఆ కట్టడి చెల్లదు. ఒళ్ళు కావాలంటే నీళ్ళు పోసుకోవలసిందే. నీళ్ళత్త అలా పెరిగింది, అలాగే పెంచుతోంది.

పెద్దయ్యాక తోటివాళ్ళు తలో దారి పట్టారు. ఆమె ఈ గదిలోకి వచ్చింది. బట్టలుతికే చోట పనిచేసే ఒకాయన ఒకప్పుడు ఆమెను పెళ్ళి చేసుకుంటానన్నాడు. సెలవు రోజున బజారుకు తీసుకెళ్ళి, నడుస్తూ నడుస్తూ చెయ్యి పట్టుకున్నాడు. ఉత్తపుణ్యానికి మనిషి మనిషి చెయ్యి పట్టుకుంటే ఏం చెయ్యాలో ఆమెకు తోచలేదు. ఆ చేతిని తిప్పి, గోళ్ళలో మట్టి ఉందేమోనని చూసింది. ఆయన మళ్ళీ రాలేదు. తర్వాత చాలాకాలం ఆ సంగతి తలుచుకుని ఆమె సిగ్గుపడింది. ఏ తప్పు చేసిందో మాత్రం అంతుపట్టలేదు.

గువ్వ వానల రోజుల్లో వచ్చింది. ఎవరో బస్సులో వదిలేసి దిగిపోయారట. వచ్చిన దగ్గర్నించీ మంచం మూల ముడుచుకుని కూర్చునేది, అందుకే ఆ పేరు. తిండి పెడితే తినదు, పిలిస్తే పలకదు, గోడకు ఆనుకుని తలను టక్కు టక్కుమని కొట్టుకుంటూ ఉండేది. నీళ్ళత్త కాళ్ళ మీద వేసుకున్నప్పుడు మొదట కర్రలా బిగుసుకుపోయింది. గోరువెచ్చని నీళ్ళు వీపు మీద పడగానే పెద్ద నిట్టూర్పు విడిచింది. అంత చిన్న ఒంట్లో అంత ఊపిరి ఎక్కడ దాచుకుందో! ఆ తర్వాత మొదటి మాట మాట్లాడింది. "ఇంకా," అంది.

అప్పటినుంచి స్నానం అయిన రోజు తినేది. కాస్త ఆడేది. తల మీద నీళ్ళు పోసేటప్పుడు కళ్ళు గట్టిగా మూసుకుని, నీళ్ళత్త "అయిపోయిందమ్మా" అనేదాకా చచ్చినా తెరిచేది కాదు.

ఇంతలో ఒళ్ళు పాడైంది. మోచేతి మడతల్లో, మోకాళ్ళ వెనక చర్మం ఎండిన చెరువులా పగిలి, గోకితే రక్తం వచ్చేది. డాక్టరమ్మ వచ్చి చూసి, పిల్లలందరి సంగతీ కలిపి చెప్పింది. మట్టిలో పడి దొర్లితే తప్ప చిన్నపిల్లలకు రోజూ సబ్బుస్నానం అక్కర్లేదంది. వారానికి రెండుమూడుసార్లు చాలంది. మిగతా రోజుల్లో మొహం, చేతులు, పిర్రలు శుభ్రంగా తుడిస్తే సరిపోతుందంది. గువ్వకైతే వారానికి రెండేసార్లు, ఎక్కువ వేడి లేని నీళ్ళతో, సబ్బు లేకుండా, రెండు నిమిషాల్లో ముగించాలంది. వెంటనే లేపనం రాయాలంది. శరణాలయం నడిపే మేడమ్ సంబరపడింది. నీళ్ళూ కట్టెలూ మిగులుతాయి మరి.

నీళ్ళత్త కొన్నాళ్ళు ఆ మాట జవదాటలేదు. వంతు లేని రోజున గువ్వ తువ్వాలు భుజాన వేసుకుని తలుపు దగ్గర నిలబడేది. సాయంత్రానికి గోడ దగ్గర చేరి, టక్కు టక్కు. అన్నం ముద్ద నోట్లో పెడితే బుగ్గనే ఉండిపోయేది. ఆ చప్పుడు నీళ్ళత్త గుండెల్లో సమ్మెట దెబ్బలా పడేది. ఒకరోజు ఆమె వల్ల కాలేదు. మధ్యాహ్నం పిల్లలంతా పడుకున్నాక, మేడమ్ తన గదిలో ఉన్నాక, గువ్వను తీసుకొచ్చి నీళ్ళు పోసింది. ఆ మర్నాడూ పోసింది. పిల్లకు వేడి ఇష్టం, వేడిగానే పోసింది. వాసన ఇష్టం, సబ్బూ రాసింది. ఒళ్ళు ఇంకా పగిలింది. ఆ మందు ఈ పిల్లకు పడలేదు కాబోలని తనకు తానే సర్దిచెప్పుకుంది. లోపల మాత్రం ఆమెకు తెలుసు. తెలిసే పోసింది.

ఈ మధ్యాహ్నం కూడా పోసింది. "ఈ ఒక్కసారే," అని రోజూ అనుకున్నట్టే అనుకుంది. వేడినీళ్ళు పగుళ్ళలోకి దిగగానే గువ్వ పళ్ళు బిగించింది, కాలి వేళ్ళు ముడుచుకుంది. అయినా అంది, "ఇంకా."

"మంటగా లేదూ?"

"ఇంకా."

"కళ్ళు మూసుకో మరి."

తుడిచాక తువ్వాలు మీద ఎర్రటి చారలు పడ్డాయి. నీళ్ళత్త ఆ తువ్వాలును బాల్చీ అడుగున కుక్కేసింది. తప్పు చేస్తున్నానని తెలిసీ మానలేకపోవడం ఎంత నరకమో ఆమెకు ఆ క్షణాన తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. "అయిపోయిందమ్మా," అంది. గువ్వ కళ్ళు తెరిచి, ఆమె గడ్డం కింద తల దూర్చింది.

అది డాక్టరమ్మ ఎప్పుడూ వచ్చే రోజు కాదు. ఆ కాసేపటికే ఈ వైపు పనుండి వచ్చి, ఒకసారి తొంగిచూసిపోదామని ఆగింది. గువ్వ మోకాళ్ళు తిప్పి చూసి మొహం మాడ్చుకుంది.

"ఇలా అయిందేమిటి? లేపనం రాస్తున్నారా? ఇది పుండు పడుతోంది మేడమ్. ఇక్కడ తగ్గేలా లేదు. పెద్దాసుపత్రికి పంపుదాం. కొన్నాళ్ళు అక్కడే పెట్టుకుని పరీక్షలు చేస్తారు."

పెద్దాసుపత్రి. సూదులు. మొహం తెలియని చేతులు. అక్కడ ఈ పిల్ల మూల చూసుకుని గోడకు తల కొట్టుకోవడం నీళ్ళత్త కళ్ళకు కట్టింది. నోరు మూసుకుంటే తన పని ఉంటుంది, పిల్ల పోతుంది. నోరు విప్పితే తన పని పోతుంది.

"పంపకండమ్మా," అంది. "మందు తప్పు కాదు. నేనే పోస్తున్నాను. రోజూ. వేడినీళ్ళు, సబ్బుతో."

మేడమ్ కళ్ళజోడు తీసింది. డాక్టరమ్మకు కోపం రాలేదు, వచ్చినా బాగుండేది.

"నేను అంత విడమర్చి చెప్పాను కదా ఆయమ్మా. ఎందుకు పోశారు?"

నీళ్ళత్త కొంగు వేలికి చుట్టుకుంది, విప్పింది. ఇంత తేలిక సంగతి చదువుకున్నావిడకు ఎలా చెప్పాలో తెలియలేదు.

"నీళ్ళు పోయకపోతే ఒళ్ళో ఎట్లా వేసుకునేదమ్మా?"

డాక్టరమ్మ మెల్లగా అంది.

"ఊరికే వేసుకోవచ్చు కదా."

"ఊరికేనా?"

"ఊరికేనండీ. ఎత్తుకుని కాసేపు కూర్చోవడమే. దానికి నీళ్ళెందుకు?"

ఇన్నేళ్ళలో ఒక్కసారి, ఒక్కసారైనా ఆ ఆలోచన నీళ్ళత్తకు రాలేదు. కట్టడికి భయపడి మానలేదు. దొంగచాటుగా నీళ్ళు పోసిన మనిషి దొంగచాటుగా ఎత్తుకోలేదా? ఆ మధ్యాహ్నాలన్నీ పిల్లను పొడి బట్టల్లోనే ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉండొచ్చు. ఒక్క చుక్క నెత్తురు వచ్చేది కాదు. తన తెలివితక్కువతనం ఆ పిల్ల చర్మాన్ని ఒలిచింది.

డాక్టరమ్మ వెళ్ళాక మేడమ్ తలుపు వేసింది. చెడ్డమనిషి కాదు, భయస్తురాలు.

"వైద్యం చెప్పినట్టు చెయ్యలేదని పైవాళ్ళకు తెలిస్తే ఈ ఇల్లే మూయిస్తారు. ఇంతమంది పిల్లలు ఎక్కడికి పోతారు, నువ్వే చెప్పు."

"పిల్లను పంపరు కదమ్మా?"

"పంపను. కానీ నిన్ను ఉంచుకోలేను. ఊరవతల ముసలివాళ్ళను చూసుకునే చోట మనిషి కావాలన్నారు. అక్కడా ఒళ్ళు కడిగే పనే. సాయంత్రం మన వ్యాను అటే వెళ్తుంది."

"ఒక్క పూట ఉండనివ్వండి. ఒక్కసారి ఊరికే..."

మేడమ్ తల అడ్డంగా ఊపి, కిటికీ వైపు తిరిగింది. ఆమె కళ్ళూ తడిగానే ఉన్నాయి. తడి కళ్ళతోనే వద్దంది.

నీళ్ళత్త సామాను ఒక సంచికి సరిపోయింది. సంచి గుమ్మంలో పెట్టి, పిల్లల గదిలోకి వెళ్ళింది. గువ్వ మంచం మూల ఉంది. నీళ్ళత్త వంగి, రెండు చంకల కిందా చేతులు వేసి, ఎత్తుకుంది. పొడి చీర, పొడి చేతులు, పొడి పిల్ల. అక్కడున్న పిల్లలందరూ ఆట ఆపి నోళ్ళు తెరిచారు.

గువ్వ బిగుసుకుపోయింది. ఆమె చేతుల కేసి చూసింది, చీర కేసి చూసింది. ఏదో పొరపాటు జరిగిందన్నట్టు కాళ్ళతో నెట్టి, గింజుకుని, కిందికి జారింది. పరుగున వెళ్ళి తువ్వాలు తెచ్చుకుంది. "నీళ్ళు," అంది. స్నానాల గది వైపు వేలు చూపించింది.

తాను నేర్పిన చదువే. తనకు వచ్చిన చదువల్లా అదొక్కటే.

బాయిలరు చల్లారిపోయి ఉంది. నీళ్ళత్త పీట మీద కూర్చుని కాళ్ళు చాచింది. గువ్వ తనంతట తానే ఎక్కి వెల్లకిలా పడుకుంది. నీళ్ళత్త ఉత్త మగ్గు అందుకుంది.

"కళ్ళు మూసుకో."

గువ్వ గట్టిగా మూసుకుంది. నీళ్ళత్త ఉత్త మగ్గును నుదుటి మీద వంచింది. ఏమీ పడలేదు. అరచేత్తో నుదురు నిమిరింది, మెడ నిమిరింది, పగుళ్ళు తప్పించి చేతులు నిమిరింది. మళ్ళీ మగ్గు వంచింది. గువ్వ రెప్పలు అదిరాయి కానీ తెరుచుకోలేదు. నీళ్ళు వస్తాయని ఎదురుచూస్తోంది. మగ్గు మీద మగ్గు వంచుతూ, చేత్తో రాస్తూ, నీళ్ళత్త ఏడ్చింది. చప్పుడు కాకుండా, చుక్క కూడా పిల్ల మీద పడకుండా మొహం పక్కకు తిప్పుకుని ఏడ్చింది. ఎదురుచూసి ఎదురుచూసి గువ్వ ఒళ్ళు మెత్తబడింది, ఊపిరి నిదానించింది.

వంటావిడ తలుపు దగ్గరకు వచ్చి నిలబడింది. "వదినా, వ్యాను వాడు తొందరపెడుతున్నాడే," అంది, చూడలేనట్టు నేల కేసి చూస్తూ.

నీళ్ళత్త కాళ్ళు మెల్లగా లాక్కుంది. పీట మీద తువ్వాలు పరిచి, గువ్వను దాని మీద పడుకోబెట్టింది. చెప్పవలసిన మాట ఒకటి నాలుక చివర దాకా వచ్చింది. అయిపోయిందమ్మా. అది అంటే పిల్ల కళ్ళు తెరుస్తుంది. అనకుండానే లేచి వెళ్ళిపోయింది.

డాక్టరమ్మ చెప్పింది అక్షరాలా నిజమైంది. కొద్దివారాల్లోనే గువ్వ మోకాళ్ళ వెనక కొత్త చర్మం వచ్చింది, నున్నగా మెరిసింది. కొత్త ఆయా చురుకైన మనిషి. వంతు రోజున పిల్లల్ని కుళాయి కింద వరసగా నిలబెట్టి, మోకాలు వంచకుండా, చిటికెలో పని ముగిస్తుంది. గువ్వ ఇప్పుడు తలుపు దగ్గర నిలబడటం లేదు. నీళ్ళు పడుతున్నంతసేపూ కళ్ళు తెరిచే ఉంచుకుంటుంది.

అడ్డమవుతోందని పీటను గోడకు నిలబెట్టారు. ఇన్నేళ్ళలో తడి ఆరడమంటే ఎరగని ఆ చెక్క అంచుల నుంచి లోపలికి కొంచెం కొంచెంగా ఎండుతూ వచ్చి, కూర్చుని కూర్చుని గిన్నెలా అరిగిన నడిమిచోట, వెంట్రుకవాసి బీట వారింది.